కుక్కపిల్లతో పగలంతా ఉండేది ఎవరు?

ప్రశ్న: మాది మధురవాడలో అపార్ట్‌మెంట్, నాలుగో ఫ్లోర్. నేనూ మా వారూ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్లి రాత్రి ఏడు దాటాక వస్తాం. పదేళ్ల మా బాబు కుక్కపిల్ల కావాలని ఒకటే గొడవ. మా వారు హస్కీ అంటారు, నాకు ల్యాబ్రడార్ నయమనిపిస్తోంది. పగలు ఇబ్బంది లేదు, అత్తగారు ఇంట్లోనే ఉంటారు. బాబును పెంచింది కూడా ఆవిడే. మోకాళ్ల నొప్పులతో ఎలాగూ బయటికి వెళ్లరు. ఏ జాతి తీసుకోమంటారు?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, హస్కీ మాట మర్చిపోండి. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పుట్టిన కుక్క అది. రెండు పొరల బొచ్చుతో మన విశాఖ ఉక్కపోతలో బతకడం దానికి శిక్ష. మీరడిగినదానికి జవాబు అయిపోయింది.

అసలు సంగతికొద్దాం. మీ ఉత్తరంలో బాబు కోరిక ఉంది, మీ వారి ముచ్చట ఉంది, మీ ఆలోచన ఉంది. రోజుకు పది గంటలు ఆ పిల్లతో ఉండబోయే మనిషి ఏమంటున్నారో మాత్రం ఒక్క ముక్క లేదు. అడిగారా? అడిగి ఉంటే రాసేవారు.

రెండు నెలల కుక్కపిల్ల నిద్ర లేవగానే పోస్తుంది, తినగానే పోస్తుంది, ఆడుతూ ఆడుతూ ఆగి మరీ పోస్తుంది. టీకాలు ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగో నెల దాకా నడుస్తాయి. రేబిస్‌ది మూడు నెలలకు. అవన్నీ అయ్యేదాకా పార్వో అనే ప్రాణాంతక అంటురోగం భయానికి వీధిలో దింపొద్దంటారు డాక్టర్లు. అంటే అంతా మీ హాల్లోనే. ఆ టైల్స్ మీద గుడ్డ పట్టుకుని వంగాల్సింది మోకాళ్లు పట్టేసిన మనిషి. నాలుగో నెలలో పాలపళ్లు ఊడటం మొదలైతే దొరికిందల్లా కొరుకుతుంది, చీర కుచ్చెళ్లు పట్టుకు లాగుతుంది. ఆ వయసులో తడి నేల మీద కాలు జారితే తుంటి ఎముక సంగతేంటి? పైగా కుక్క దేవుడి గది గడప దాటితే ఆ పూట పూజ మీద మనసు నిలవని పెద్దవాళ్లు చాలామంది. చాదస్తం అనకండి. అది ఆవిడ ఇల్లు కూడా.

బాబు అన్నీ తనే చేస్తానని ఒట్టేసి ఉంటాడు. పదిహేను రోజులు చేస్తాడు. కుక్క పది పన్నెండేళ్లు బతుకుతుంది. వాడు ఇంటర్‌కి హాస్టల్లో చేరేసరికి దానికి సగం వయసే.

మనవణ్ని ఆవిడ ప్రేమ కొద్దీ పెంచారు. దాన్ని లెక్కలో వేసుకుని అడగకుండానే రెండో డ్యూటీ వేయడం నాకు నచ్చలేదు, నిర్మొహమాటంగా చెబుతున్నాను.

అడగడానికి మీ వారిని పంపకండి. కొడుకు అడిగితే తల్లి కాదనదు. మీరే అడగండి, అదీ బాబు ట్యూషన్‌కి వెళ్లినప్పుడు. వాడు ఎదురుగా ఉంటే ఏ నానమ్మా వద్దనలేదు. ‘మీకు ఇష్టం లేకపోతే తేము అత్తయ్యా’ అని ముందే చెప్పండి. ఆవిడ ‘మీ ఇష్టం’ అన్నారంటే ఒప్పుకోలేదని అర్థం. ఆ మాత్రం మీకు నేను చెప్పక్కర్లేదు.

నిజంగానే సంతోషంగా సరే అంటే, మొదటి రెండు వారాలు మీ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టండి. ఆ తర్వాత మధ్యాహ్నం పూట ఒక మనిషిని పెట్టుకోండి. పొద్దున్న నడక మీ వారిది, ముచ్చట ఆయనదే కదా. ల్యాబ్ పెద్దయితే ముప్పై కిలోలు, ఒక్క గుంజు గుంజితే ఆవిడ పడిపోతారు. నన్నడిగితే వీధిలో పుట్టిన పిల్లను తెచ్చుకోండి, మన ఎండ దానికి కొత్త కాదు. కొనేటట్లయితే మాత్రం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం చట్టవిరుద్ధమని గుర్తుంచుకోండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) లైసెన్సు కూడా తీసుకోవాలి.

ఆవిడ వద్దంటే ‘నానమ్మ ఒప్పుకోలేదు’ అని బాబుతో అనకండి. ‘నాకూ నాన్నకీ టైమ్ లేదు’ అని చెప్పండి. నిజం కూడా అదే కదా.