టెక్ సందేహాలు: యూఎస్‌బీ మైనింగ్ హబ్‌లో స్టిక్‌లు కనిపించి మాయమవుతుంటే...

ఈసారి ప్రశ్నలన్నీ బిట్‌కాయిన్ మైనింగ్ చేసే చిన్న పరికరాలైన యూఎస్‌బీ స్టిక్ మైనర్ల మీద, వాటిని నడిపే హబ్‌ల మీదే వచ్చాయి. జవాబుల్లోకి వెళ్లే ముందు ఒక్క విషయం గమనించండి. స్టిక్ పెట్టగానే కంప్యూటర్‌కు కనిపించి, మైనింగ్ మొదలయ్యాక పోతోందా? లేక మొదటి నుంచీ కనిపించడమే లేదా? ఈ రెండూ వేరువేరు జబ్బులు. మైనింగ్ మొదలుకాక ముందు స్టిక్‌లో దాదాపుగా యూఎస్‌బీ చిప్ ఒక్కటే మేలుకుని ఉంటుంది, దానికి కరెంటు చాలా తక్కువ చాలు. మైనింగ్ లెక్కలు చేసే హాషింగ్ చిప్ పని అందుకున్నాకే అసలు లోడు పడుతుంది. కాబట్టి కనిపించి పోతే కరెంటును అనుమానించండి. అసలే కనిపించకపోతే ముందు కేబుల్, పోర్టు, డ్రైవర్ చూడండి.

ప్రశ్న: నా దగ్గర పది పోర్టుల హబ్ ఉంది. అడాప్టర్ మీద 5 వోల్టులు, 4 ఆంప్స్ అని రాసి ఉంది. బ్లాక్ ఎరప్టర్ స్టిక్‌లు ఆరు పెడితే బాగానే నడుస్తున్నాయి. ఏడోది పెట్టగానే అన్నీ ఒకేసారి మాయమై, కాసేపటికి తిరిగి వస్తున్నాయి. ఒక్కోటి 510 మిల్లీ ఆంప్స్ తీసుకుంటే ఏడింటికి 3.57 ఆంప్సే కదా, 4 ఆంప్స్ అడాప్టర్ ఎందుకు చాలడం లేదు?

జవాబు: మీ కూడిక సరైనదే. కానీ సమస్య ఆంప్స్‌లో లేదు, వోల్టుల్లో ఉంది. 5 వోల్టులు అడాప్టర్ దగ్గర ఉంటాయి, స్టిక్ దగ్గర ఉండవు. అడాప్టర్ తీగ మందం 22 గేజ్, పొడవు 1.2 మీటర్లు అనుకుందాం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి లెక్కలోకి వచ్చే తీగ 2.4 మీటర్లు. ఆ మందం తీగకు మీటరుకు 0.053 ఓమ్‌ల నిరోధం, మొత్తం 0.127 ఓమ్‌లు. దాని గుండా 3.57 ఆంప్స్ పోతే తీగలోనే 0.45 వోల్టులు కరిగిపోతాయి. అంటే హబ్ గుమ్మం దగ్గరకే 4.55 వస్తుంది. పిన్ దగ్గర, హబ్ బోర్డు మీది సన్నని రాగి దారుల్లో ఇంకొంత పోతుంది. యూఎస్‌బీ 2.0 ప్రకారం సొంత కరెంటున్న హబ్ తన పోర్టులో కనీసం 4.75 వోల్టులు ఇవ్వాలి. మీ హబ్ ఆరో స్టిక్‌కే ఆ గీత దాటి కిందికొచ్చేసి ఉంటుంది. ఏడోదానితో హబ్ చిప్‌కే ఊపిరి ఆడక రీసెట్ అవుతోంది. అన్నీ ఒకేసారి పోవడానికి కారణం అదే.

ఎన్ని పోయాయన్నదాన్ని బట్టి కూడా జబ్బు చెప్పొచ్చు. ఒక్క స్టిక్ మాత్రమే పోతే లోపం ఆ స్టిక్‌లోనో ఆ పోర్టులోనో ఉంది. అన్నీ పోతే హబ్ రీసెట్ అయింది. పక్కపక్కన ఉన్న నాలుగు పోతే మాత్రం లోపలి చిప్‌ల వైపు చూడాలి. పది పోర్టుల హబ్‌లో చాలావరకు నాలుగు పోర్టుల చిప్‌లే మూడు ఉంటాయి. మొదటిది రెండు పోర్టులు బయటికిచ్చి, మిగతా రెంటికి మరో రెండు చిప్‌లను తగిలించుకుంటుంది. ఆ రెంటిలో ఒకటి రీసెట్ అయితే దాని కింది నాలుగూ పోతాయి.

ఖాయం చేసుకోవాలంటే మల్టీమీటర్‌తో కొలవండి. ఆరు స్టిక్‌లూ హాష్ చేస్తూ ఉండగా ఖాళీగా ఉన్న పోర్టులో వోల్టేజ్ చూడండి, ముఖ్యంగా అడాప్టర్ పిన్‌కు బాగా దూరంగా ఉన్న పోర్టులో. లోడు లేనప్పుడు కొలిస్తే ప్రయోజనం లేదు, ఎంత చెడ్డ హబ్ అయినా అప్పుడు 5 చూపిస్తుంది. పోర్టులో రెండు పిన్‌లు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్తపడండి. స్టిక్‌కూ పోర్టుకూ మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్ వాడితే అది కూడా కొంత వోల్టేజ్ మింగుతుందని గుర్తుంచుకోండి. లోడు మీద 4.75 పైన ఉంటే నిశ్చింత. 4.5 కిందికి దిగితే కొత్త స్టిక్ చేర్చకండి, ఉన్నవే తగ్గించండి.

శాశ్వత పరిష్కారం 12 వోల్టుల అడాప్టర్‌తో పనిచేసే హబ్. అందులో 12ను 5గా మార్చే కన్వర్టర్ లోపలే ఉంటుంది. అదే పవర్‌కు తీగలో పారే కరెంటు సగం కన్నా తక్కువ అవుతుంది, తీగలో పోయే కొద్ది వోల్టేజ్‌నీ కన్వర్టర్ సరిచేసుకుంటుంది. 12 వోల్టులు, 5 ఆంప్స్ అంటే 60 వాట్లు. మార్పిడిలో 15 శాతం పోయిందనుకున్నా 51 వాట్లు మిగులుతాయి, అంటే 5 వోల్టుల దగ్గర దాదాపు 10 ఆంప్స్. మీ పది స్టిక్‌లకు కావలసింది 5.1 ఆంప్స్. అయితే బీఎం1397 చిప్ ఉన్న కాంపాక్ ఎఫ్ లాంటివి ఫ్రీక్వెన్సీ పెంచి నడిపితే ఒక్కటే 2 ఆంప్స్ దాటుతుంది, అప్పుడు ఈ హబ్‌లో కూడా నాలుగుకు మించి పెట్టకండి.

ఇక్కడొక గట్టి హెచ్చరిక. 5 వోల్టుల హబ్‌కూ 12 వోల్టుల హబ్‌కూ పిన్ ఒకే సైజులో ఉండొచ్చు. పొరపాటున 5 వోల్టుల హబ్‌లో 12 వోల్టుల అడాప్టర్ గుచ్చితే హబ్‌తో పాటు స్టిక్‌లన్నీ క్షణంలో కాలిపోతాయి. రెండు రకాలూ ఇంట్లో ఉంటే పిన్‌ల దగ్గర రంగు టేపు చుట్టి పెట్టుకోండి.

ప్రశ్న: విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే స్టిక్ కామ్ పోర్టుగా చక్కగా కనిపిస్తోంది. మైనింగ్ ప్రోగ్రామ్ సీజీమైనర్ మాత్రం పరికరమేదీ లేదంటోంది. డ్రైవర్ రెండుసార్లు మళ్లీ వేశాను.

జవాబు: మీరు మళ్లీ మళ్లీ వేస్తున్న డ్రైవరే అడ్డంకి. కామ్ పోర్టుగా కనిపిస్తోందంటే సిలికాన్ ల్యాబ్స్ సీరియల్ డ్రైవర్ కూర్చుందన్నమాట. సీజీమైనర్‌కు అది పనికిరాదు, నేరుగా యూఎస్‌బీతో మాట్లాడటానికి విన్‌యూఎస్‌బీ డ్రైవర్ కావాలి. జాడిగ్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిచి, ఆప్షన్స్‌లో 'లిస్ట్ ఆల్ డివైసెస్' టిక్ చేయండి. జాబితాలో పేరు చూసి కాకుండా యూఎస్‌బీ ఐడీ చూసి ఎంచుకోండి. సీపీ2102 చిప్ ఉన్న స్టిక్‌కు 10సీ4, ఈఏ60 అని ఉంటుంది. విన్‌యూఎస్‌బీ ఎంచి 'రీప్లేస్ డ్రైవర్' నొక్కండి. అదే జాబితాలో మీ కీబోర్డు, మౌస్ కూడా ఉంటాయి. తొందరలో వాటి డ్రైవర్ మార్చేస్తే ఆ తర్వాత టైప్ చేయడానికి కూడా వీలుండదు, ఐడీ రెండోసారి సరిచూసుకున్నాకే నొక్కండి.

బీఎఫ్‌జీమైనర్ అనే మరో మైనింగ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకు ఇది తలకిందులు. ఈ స్టిక్‌లతో అది సీరియల్ పోర్టు ద్వారా మాట్లాడుతుంది కాబట్టి జాడిగ్ జోలికి వెళ్లకూడదు. ముందు సీజీమైనర్ ప్రయత్నించి తర్వాత బీఎఫ్‌జీకి మారినవాళ్లకు కామ్ పోర్టు మాయమయ్యేది ఇందుకే. డివైస్ మేనేజర్‌లో ఆ స్టిక్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తూ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా తీసేయమని టిక్ పెట్టి, సీరియల్ డ్రైవర్ వేసి మళ్లీ గుచ్చండి. స్టిక్‌ను వేరే పోర్టుకు మారిస్తే విండోస్ కొన్నిసార్లు దాన్ని కొత్త పరికరంగా లెక్కగడుతుంది. డ్రైవర్ కుదిరాక ఏ స్టిక్ ఏ పోర్టులో ఉందో అక్కడే ఉంచేయండి.

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉంటే దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి కోడ్ నంబరు చదవండి. 28 అంటే డ్రైవర్ లేదు. 43తో పాటు 'డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్' అని ఉంటే స్టిక్ తన పేరు కూడా చెప్పుకోలేకపోయిందని అర్థం. అక్కడ డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా లాభం లేదు. కేబుల్ మార్చాలి, పోర్టు మార్చాలి, వోల్టేజ్ కొలవాలి.

ప్రశ్న: లినక్స్‌లో సీజీమైనర్‌ను సూడోతో (అడ్మిన్ హక్కులతో) నడిపితే స్టిక్ దొరుకుతోంది, మామూలుగా నడిపితే లేదు.

జవాబు: అనుమతి సమస్య, అంతే. సీజీమైనర్ సోర్స్ ఫోల్డర్‌లో 01-సీజీమైనర్ పేరుతో రూల్స్ ఫైల్ సిద్ధంగా ఉంటుంది. దాన్ని ఈటీసీ కింది యూడెవ్ రూల్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, మీ యూజర్‌ను ప్లగ్‌డెవ్ గ్రూపులో చేర్చండి. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి, స్టిక్ కూడా తీసి మళ్లీ పెట్టాలి. చాలామంది ఈ చివరి రెండూ మరిచిపోయి రూల్ పనిచేయలేదనుకుంటారు.

సూడోతో కూడా దొరకకపోతే కెర్నెల్ లాగ్ తెరిచి ఉంచి స్టిక్ గుచ్చండి. మైనస్ 71 అని ఎర్రర్ వస్తే సిగ్నల్ చెడుతోంది, మైనస్ 110 వస్తే స్టిక్ సమయానికి బదులివ్వలేదు. ఈ రెంటికీ ముందుగా చూడాల్సింది కేబులూ కరెంటే. 'ఓవర్ కరెంట్' అన్న మాట కనిపిస్తే ఆ పోర్టులో స్టిక్ పెట్టడం ఆపి, స్టిక్‌లో షార్ట్ ఉందేమో చూడండి. లాగ్‌లో కొత్త లైన్ ఏదీ రాకపోతే డేటా తీగలు అసలు కలవడం లేదు. ఎక్స్‌టెన్షన్ కేబుల్ పేరుతో చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ వాడుతున్నారేమో చూసుకోండి.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు) ఆపేసి అడాప్టర్ తీసేసినా దాని ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. తిరిగి ఆన్ చేస్తే ఒక్కోసారి బూట్ కావడం లేదు. మైనింగ్ హబ్ తగిలించినప్పటి నుంచే ఇలా ఉంది.

జవాబు: హబ్ నుంచి 5 వోల్టులు వెనక్కి, రాస్ప్‌బెర్రీ పై బోర్డులోకి ఎక్కుతున్నాయి. హబ్‌కు సొంత అడాప్టర్ ఉన్నప్పుడు కంప్యూటర్ వైపు కేబుల్‌లోకి కరెంటు పోకుండా లోపల అడ్డు ఉండాలి. ఖర్చు తగ్గించడానికి ఆ భాగం పెట్టకుండా వదిలేసిన హబ్‌లు చాలానే ఉన్నాయి. దానివల్ల బోర్డు పూర్తిగా ఆరదు, పూర్తిగా వెలగదు, ఆ సగం స్థితిలో బూట్ తప్పుతుంది. సరైన మందు ఆ అడ్డు ఉన్న హబ్ కొనడం. అప్పటిదాకా ఒక ఉపాయం ఉంది: హబ్ నుంచి రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు వెళ్లే ప్లగ్‌లో నాలుగు పట్టీలుంటాయి, వాటిలో 5 వోల్టులున్న చివరి పట్టీ ఏదో మీటర్‌తో గుర్తుపట్టి, దాని మీద కరెంటు పారనివ్వని సన్నని కాప్టన్ టేపు అంటించండి. డేటా పట్టీలు రెండూ, గ్రౌండూ తెరిచే ఉండాలి. కొన్ని హబ్‌లు ఆ 5 వోల్టులు కనిపిస్తేనే కంప్యూటర్ ఉందని నమ్ముతాయి. టేపు వేశాక హబ్ కనిపించడం మానేస్తే మీది ఆ రకమే, టేపు తీసేయండి.

ఇంకో మాట. రాస్ప్‌బెర్రీ పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి ఇవ్వగలిగింది 1.2 ఆంప్స్. స్టిక్‌ను నేరుగా బోర్డుకు గుచ్చకండి. స్క్రీన్ మీద మెరుపు గుర్తు వచ్చిందంటే బోర్డు వోల్టేజ్ 4.63 కిందికి పోయింది.

ప్రశ్న: న్యూప్యాక్ స్టిక్ 100 మెగాహెర్ట్జ్ దగ్గర 11 గిగాహాష్‌లే (సెకనుకు 1,100 కోట్ల లెక్కలు) చూపిస్తోంది. ఇది మామూలేనా? ఇంకో హబ్ కొని స్టిక్‌లు పెంచాలనుకుంటున్నాను.

జవాబు: మామూలు కాదు. న్యూప్యాక్‌లో బీఎం1387 చిప్‌లు రెండు, ఒక్కో చిప్‌లో 114 కోర్‌లు. 2 × 114 × 100 లెక్కన 22,800 మెగాహాష్‌లు, అంటే 22.8 గిగాహాష్‌లు రావాలి. దాదాపు సగమే వస్తోందంటే ఒక చిప్ పని చేయడం లేదు. ఫ్రీక్వెన్సీ తగ్గించి చూడండి, హీట్‌సింక్ వదులైందేమో చూడండి, స్టిక్ మీది స్క్రూతో కోర్ వోల్టేజ్ కొద్దికొద్దిగా పెంచి చూడండి. ఈ లెక్క ఏ స్టిక్‌కైనా పనికొస్తుంది. 2ప్యాక్ స్టిక్‌లోనూ చిప్‌లు రెండే, చిప్‌కు 55 కోర్‌లు, కాబట్టి 100 మెగాహెర్ట్జ్ దగ్గర 11 గిగాహాష్‌లు రావాలి.

ఇంకో హబ్ గురించి: నేర్చుకోవడానికైతే కొనండి, సంపాదనకైతే వద్దు. బిట్‌కాయిన్ నెట్‌వర్క్ వందల ఎక్సాహాష్‌ల మీద నడుస్తోంది (ఒక ఎక్సాహాష్ అంటే వంద కోట్ల గిగాహాష్‌లు). 100 ఎక్సాహాష్‌లే అనుకున్నా మీ స్టిక్ వాటా దాదాపు 440 కోట్లలో ఒక వంతు.

ప్రశ్న: రెండు పది పోర్టుల హబ్‌లను గొలుసుగా కలిపాను. రెండో హబ్‌లో కొన్ని స్టిక్‌లు రావడం లేదు. యూఎస్‌బీ 3.0 హబ్‌లు కొంటే పోతుందా?

జవాబు: పోదు. ఈ స్టిక్‌లు సెకనుకు 12 మెగాబిట్‌ల ఫుల్ స్పీడ్ పరికరాలు. 3.0 హబ్‌లో పెట్టినా దానిలోని 2.0 భాగానికే తగులుకుంటాయి. మైనింగ్‌లో అటూ ఇటూ వెళ్లే డేటా చాలా చిన్నది, హబ్ కొనేటప్పుడు వేగం వదిలేసి కరెంటు చూడండి.

గొలుసు వేయడమే మీ ఇబ్బంది కావచ్చు. కంప్యూటర్‌కూ పరికరానికీ మధ్య వరుసగా ఐదు హబ్‌లకు మించి ఉండకూడదు. పైన చెప్పినట్టు పది పోర్టుల హబ్ అంటే లోపల రెండు అంచెలు. రెండు కలిపితే నాలుగు, మీ ల్యాప్‌టాప్ డాక్‌లో ఇంకొకటి దాగి ఉంటే ఐదు, ఆపైన ఇంకొక్కటి ఉన్నా హద్దు దాటిపోతుంది. ఒక్కో హబ్‌ను కంప్యూటర్‌లోని వేరువేరు పోర్టులకు నేరుగా తగిలించండి. విండోస్ 'నాట్ ఎనఫ్ యూఎస్‌బీ కంట్రోలర్ రిసోర్సెస్' అంటే మాత్రం కంప్యూటర్‌లో యూఎస్‌బీ పోర్టులను నడిపే కంట్రోలర్ నిండిపోయింది. ఒక్కో స్టిక్ అందులో మూడు ఎండ్‌పాయింట్లు (డేటా రాకపోకల దారులు) ఆక్రమిస్తుంది, హబ్‌లు, కీబోర్డు, కెమెరా అదనం. కొన్ని స్టిక్‌లను వేరే కంట్రోలర్ ఉన్న పోర్టుకు మార్చండి, లేదా డెస్క్‌టాప్‌లో పీసీఐఈ యూఎస్‌బీ కార్డు వేయండి.

ప్రశ్న: పగలంతా నడిచి రాత్రికి ఒకటో రెండో స్టిక్‌లు సీజీమైనర్‌లో జాంబీ (సంబంధం తెగిపోయినవి) అని చూపిస్తున్నాయి.

జవాబు: విండోస్ అయితే పవర్ ప్లాన్‌లో, పరికరాలను నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. లినక్స్‌లో ఆటోసస్పెండ్ ఆపండి. అయినా పోతుంటే ఆ స్టిక్‌ను గుచ్చే ఉంచి పది నిమిషాలు చల్లారనివ్వండి. తనంతట తానే తిరిగి వస్తే హబ్‌లోని రీసెట్ ఫ్యూజ్ వేడికి తెగి, చల్లారాక కలుస్తోందని అనుమానించాలి. వేడి స్టిక్‌లను పక్కపక్కన పెట్టకుండా ఒక పోర్టు వదిలి ఒక పోర్టులో పెట్టి, హీట్‌సింక్‌ల మీదుగా గాలి పోయేలా చిన్న ఫ్యాన్ ఉంచండి.

ప్రశ్న: హబ్ అడాప్టర్ బదులు పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు, సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లైతేనే. ఎర్ర తీగ 5 వోల్టులు, పసుపు 12, నలుపు గ్రౌండ్. పచ్చ తీగను నలుపుతో కలిపితే ఆన్ అవుతుంది. హబ్ అడాప్టర్‌ను పూర్తిగా తీసేయండి, రెండూ ఒకేసారి ఉండకూడదు. ఎస్‌ఎంపీఎస్ షార్ట్‌లోకి కూడా పదుల ఆంప్స్ నెట్టగలదు, అడాప్టర్‌లా వెంటనే ఆగదు. అందుకే 5 వోల్టుల తీగలో 7.5 ఆంప్స్ ఫ్యూజ్ తప్పనిసరి. హబ్‌లోని గుండ్రటి పిన్ సాకెట్ అంత కరెంటు మోయలేదు, ముట్టుకుంటే కాలేంత వేడెక్కుతుంది. దాన్ని వదిలి 18 గేజ్ తీగను బోర్డుకే సోల్డర్ చేయండి. మొదటిసారి స్టిక్‌లేవీ లేకుండా ఆన్ చేసి, పోర్టులో 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉందని చూశాక ఒక్కొక్కటిగా పెట్టండి.