ఇంట్లో కంప్యూటర్ మీద 90ల నాటి డాన్స్ పాటల శబ్దం రావాలంటే ఏం కొనాలి?

అడిగినాయనకు 42 ఏళ్లట. సంగీతం నేర్చుకోలేదట. ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ ఉందట. చిన్నప్పుడు క్యాసెట్లలో విన్న డిస్కో, రీమిక్స్ పాటల ఊపు ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఎంత కొట్టుకున్నా రావడం లేదు, అసలు పాత సింథసైజరే (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం) కొనాలా, ఈ వయసులో కుదురుతుందా అని ప్రశ్న.

కొనకండి. ముందు ఆ క్యాసెట్ ఒక్కటి దొరుకుతుందేమో చూడండి. ఎందుకు చెప్తున్నానో వినండి.

నాది కర్నూలు. మీకంటే నాలుగేళ్లు పెద్దవాణ్ణి. పగలంతా ఎరువుల కొట్టు లెక్కలు, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా కంప్యూటర్ మీద పాటలు కట్టే ఈ పిచ్చి. ఆరేళ్లలో నలభై ట్రాకుల దాకా చేశాను. బయట పెట్టినవి నాలుగు. విన్నవాళ్లు నలభై మంది కూడా ఉండరు, అందులో పది మంది మా చుట్టాలే.

మా రోజుల్లో పాత బస్టాండు దగ్గర ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. తెల్లకాగితం మీద పాటల పట్టీ రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ డబ్బులు కడితే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాడు భాయ్. 60 నిమిషాల క్యాసెట్టు అంటే ఒక్కో వైపు అరగంట. ఆరో పాట ఎప్పుడూ పట్టేది కాదు, మధ్యలో టక్కున తెగేది. ఇప్పుడు ఆ పాట యూట్యూబ్‌లో పూర్తిగా విన్నా, ఆ చోటికి రాగానే నా చెవి టక్కు కోసం ఎదురుచూస్తుంది. వినాయక నిమజ్జనం రోజు లారీ మీద బాక్సులు కట్టి కేసీ కాలువ దాకా మోగించింది కూడా ఆ క్యాసెట్లే. హిందీ, తెలుగు, తమిళం నుంచి దించినవి, భాష తెలియని ఇంగ్లీషువి, అన్నీ కలిపి ఒకే కుండలో వండినట్టు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు మా పాతబస్తీ ఇల్లు మునిగింది. నీళ్లు తీశాక ట్రంకు పెట్టె తెరిస్తే క్యాసెట్లన్నీ బురద ఇటుకల్లా అతుక్కుపోయి ఉన్నాయి. మా అమ్మ బియ్యం పోయాయని ఏడుస్తుంటే నేను టేపుల గురించి నోరెత్తలేకపోయాను. ఒక్కటి మిగిలింది. అది మా అక్క పెళ్లయ్యాక నంద్యాలకు పట్టుకుపోయింది.

ఇక అసలు సంగతి. ఆ పాటల్లో ఒకదాని బీటు మళ్లీ కట్టాలని ఒక సంవత్సరం పడ్డాను. ఇంటర్నెట్లో ఒరిజినల్ దించుకుని వేగం కొలిస్తే నిమిషానికి 124 దరువులు. అదే వేగం పెట్టాను, అలాంటి డ్రమ్ములే పెట్టాను, అలాంటి బేసే పెట్టాను. చప్పగా ఉంది. ఇంకా చిత్రం, ఆ ఒరిజినలే చప్పగా ఉంది! ఎవరో నిద్రమత్తులో వాయించినట్టు. వయసైపోయి చెవులు మొద్దుబారాయేమో అనుకున్నాను.

తర్వాత అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ క్యాసెట్ తెచ్చుకుని, ఒక మిత్రుడి టేప్ రికార్డర్ నుంచి కంప్యూటర్లోకి ఎక్కించాను. ప్లే నొక్కానో లేదో, ఒళ్లు జలదరించింది. అదీ పాట! కొలిస్తే 131కి కాస్త పైన. మా అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, శ్రుతిపెట్టె పట్టుకుని వచ్చి విని, "నాన్నా, నెట్‌లోది ఒకటి శ్రుతి, నీ క్యాసెట్టుది ఒకటిన్నర" అంది. అర స్వరం పైకి. లెక్క కూడా సరిపోయింది. టేపు దాదాపు ఆరు శాతం వేగంగా తిరిగితే శ్రుతి సరిగ్గా అర స్వరం ఎక్కుతుంది, 124 కాస్తా 131 అవుతుంది.

తప్పు మిత్రుడి టేప్ రికార్డర్‌దేమో అని కంపెనీ క్యాసెట్ ఒకటి పెట్టి చూశాను. అది సరిగ్గానే పాడింది. అంటే దొంగ రికార్డింగ్ సెంటర్లో ఉన్నాడు. క్యాసెట్ డెక్కులో మోటారు నుంచి చక్రానికి రబ్బరు బెల్టు ఉంటుంది. వాడగా వాడగా అది సాగుతుంది, టేపు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా తిరిగే డెక్కులో రికార్డు చేసిన పాట, ఇంట్లో సరిగ్గా తిరిగేదాంట్లో వేస్తే పరుగెడుతుంది. ముప్పై ఏళ్లుగా నేను కలవరించిన ఊపు ఏ సంగీత దర్శకుడిదీ కాదు, ఏ జపాన్ యంత్రానిదీ కాదు, సాగిపోయిన ఒక బెల్టుది.

కాబట్టి మీ జ్ఞాపకంలో ఉన్న పాట ఏ దారిన మీ చెవికి చేరిందో ముందు వెతకండి. వేగం ఒక్కటే కాదు. ఆ సెంటర్లలో తొందర కోసం రెట్టింపు స్పీడులో కాపీ కొట్టేవాళ్లు, దాంతో పైస్థాయి మెరుపంతా రాలిపోయేది. శబ్దం గట్టిగా రావాలని లెవెల్ ఎర్రగీత దాటించేవాళ్లు, టేపు అంత బరువు మోయలేక డ్రమ్ము దెబ్బ అంచులు గుండ్రపడి, మెత్తగా, మందంగా వినిపించేది. ఇవన్నీ ఆడాసిటీ అనే శబ్దాలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా చేయొచ్చు. మీ ట్రాక్ మొత్తం అయ్యాక లో-పాస్ ఫిల్టర్‌తో 10 కిలోహెర్ట్జ్ పైన ఉన్న సన్నటి శబ్దాలు కోసేయండి, కొంచెం డిస్టార్షన్, అంటే శబ్దం చిట్లించడం, తగిలించండి (కొంచెమే, ఉప్పులాగా), చివర్న స్పీడు మూడు నాలుగు శాతం పెంచండి. సగం పని అక్కడే అయిపోతుంది. వీలైతే పాత టేప్ రికార్డర్‌లో ఒకసారి నిజంగా రికార్డు చేసి వెనక్కి తీసుకోండి, దాని ముందు ఏ ఫిల్టరూ చాలదు.

ట్రాక్ కట్టడానికి నేను వాడే సాఫ్ట్‌వేర్ ఎల్ఎంఎంఎస్, అదీ ఉచితమే. పాత ల్యాప్‌టాప్‌కు భారం కాదు. హెడ్‌ఫోన్ మాత్రం వైరుదే వాడండి. బ్లూటూత్‌లో మీట నొక్కాక శబ్దం వచ్చేసరికి మనసు ఇంకో చోటికి పోతుంది. డాన్స్ బీటు రహస్యమేమీ కాదు. తెర మీద ఒక వరుసలో 16 గళ్లు ఉంటాయి, ఏ గడి నింపితే అక్కడ దెబ్బ పడుతుంది. 1, 5, 9, 13 గళ్లలో కిక్కు, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ. 5, 13లో చప్పట్లు. 3, 7, 11, 15లో తెరిచిన హైహ్యాట్ తాళాలు, అదే ఆ 'త్స్ త్స్'. అమెరికాలోని షికాగోలో పుట్టిన 'హౌస్' అనే డాన్స్ సంగీతానికి పునాది ఇంతే. పక్కింట్లో కాసియో కీబోర్డు ఉన్నవాళ్లకు 'డిస్కో' అని రాసిన మీట గుర్తుండే ఉంటుంది, దాదాపు అదే.

పాత సింథసైజర్ల మోజు గురించి ఒక మాట. అందరూ కలవరించే రోలాండ్ టీబీ-303 అమ్ముడుపోని సరుకు. గిటారు వాయించేవాడికి తోడుగా బేసు వాయిస్తుందని 1981లో తయారుచేశారు. అది బేసు గిటారులా ఎంతమాత్రం వినపడలేదు, 1984లో ఆపేశారు. సెకండ్ హ్యాండ్ కొట్లలో చవగ్గా పడున్నవాటిని షికాగో కుర్రాళ్లు తెచ్చి, ఫిల్టర్ బొత్తాములు అడ్డదిడ్డంగా తిప్పితే 1987 నాటికి 'యాసిడ్ హౌస్' అనే కొత్త రకం హౌస్ పుట్టింది. వాళ్లకంటే ముందే, 1982లోనే, బొంబాయిలో సినిమా పాటలకు వాయించే చరణ్‌జీత్ సింగ్ ఇదే 303నీ, టీఆర్-808 అనే డ్రమ్ముల యంత్రాన్నీ పెట్టుకుని డిస్కో దరువు మీద పది హిందుస్తానీ రాగాలు వాయించి రికార్డు వేశాడు. అప్పుడు ఎవరూ కొనలేదు. 2010లో మళ్లీ వేస్తే ప్రపంచమంతా నోరు తెరిచింది. ఇప్పుడు అసలు 303 ధర చూస్తే మన ఒక పంట కాలపు రాబడి దాటుతుంది. దాన్ని పోలిన వాయిద్యం ఎల్ఎంఎంఎస్ లోపలే ఉంది.

దాంతో నేను చేసిన మొదటి మంచి పని చెప్తాను, మీరూ చేసి చూడండి. మా అమ్మాయి రోజూ పొద్దున సరళి వరుసలు పాడుతుంది. స రి గ మ ప ద ని స, మళ్లీ స ని ద ప మ గ రి స. ఒకరోజు కాఫీ తాగుతూ లెక్కపెట్టాను. ఎక్కడానికి ఎనిమిది, దిగడానికి ఎనిమిది, మొత్తం 16. యంత్రంలోనూ 16 గళ్లే! మాయామాళవగౌళ స్వరాలు వరుసగా గళ్లలో కూర్చోబెట్టాను. ఆ రాగంలో స-రి, గ-మ, ప-ద, ని-స, ఈ నాలుగు జంటలూ అర స్వరం ఎడంలో ఉంటాయి. 303లో 'స్లయిడ్' అని ఒకటుంది, ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారుతుంది. ఆ నాలుగు జంటల దగ్గరే స్లయిడ్ పెట్టాను. 8, 9 గళ్లు రెండూ పై షడ్జమే కాబట్టి కలిపేశాను. వేగం 125. రెండు సెకన్లలోపే సరళి వరుస ఒక చుట్టు తిరిగొస్తుంది. ఫిల్టర్ మెల్లగా తెరుస్తూ పోతే ఆ వంకర్లు... గమకం అంటే మా అమ్మాయి టీచరు కొడుతుంది, గమకానికి దూరపు చుట్టం అనుకోండి. మా అమ్మాయి చెవులు మూసుకుంది, తర్వాత దాన్నే ఫోన్ రింగ్‌టోన్ చేసుకుంది.

రెండో పని తప్పెట. మా అమ్మమ్మ వాళ్ల ఊరు కోడుమూరు దగ్గర. పీర్ల పండక్కి వెళ్లినప్పుడు, గుండం దగ్గర తప్పెట్లు కాచుకుంటున్న పెద్దాయన్ను అడిగి, ఐదు వందలు చేతిలో పెట్టి, ఫోన్లో పది నిమిషాలు రికార్డు చేసుకున్నాను. ఇంటికొచ్చి ముక్కలు కోస్తే తెలిసింది, సెగ తగిలిన తోలు చల్లారేకొద్దీ శ్రుతి దిగిపోతుందని. మొదటి దెబ్బ, చివరి దెబ్బ ఒక వాయిద్యానివే కావన్నట్టున్నాయి. దెబ్బలన్నీ తీసి శుభ్రంగా గళ్లలో సర్ది, కింద కిక్కు పెట్టి, మరుసటి నెల ఆయనకు గర్వంగా వినిపించాను.

"ఇదెవురు కొట్టింది?" అన్నాడు.

"నువ్వే కదా పెద్దాయనా."

"నేనా? ఇస్కూలు పిల్లోడు డ్రిల్లుకు కొట్టినట్టుండాది కదప్పా."

ఇంటికొచ్చి అసలు రికార్డింగు మళ్లీ కొలిచాను. చిర్రతో కొట్టే పెద్ద దెబ్బ గడిలోనే పడుతోంది. సిటికెన పుల్లతో కొట్టే చిన్న దెబ్బ మాత్రం ప్రతిసారీ 25 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం. 120 వేగంలో ఒక గడి అంటే 125 మిల్లీసెకన్లు, అందులో ఐదో వంతు. ఆ ఐదో వంతులో ఆయన ఊపంతా ఉంది, నేను సర్ది చంపేశాను. సాఫ్ట్‌వేర్లలో 'స్వింగ్' అనే మీట ఉండేది ఇందుకే. తప్పెట, చెక్కభజన, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్స్ వాయించే కుర్రాడు, ఎవరిది తీసుకున్నా గడిలోకి లాగకండి, కిక్కునే వాళ్ల వైపు జరపండి.

ఇక కొనడం సంగతి. నేనూ మీలాగే మొదట్లో ఆత్రపడి ఆన్‌లైన్లో ఎవరి దగ్గరో 49 మీటల సెకండ్ హ్యాండ్ మిడి కీబోర్డు (కంప్యూటర్‌కు తగిలించి వాయించేది) కొన్నాను. మూడు మీటలు పలకవు. అమ్మినాయన ఫోన్ ఎత్తడు. ఆ మూడూ లేకుండానే రాగాలు ఎంచుకోవడం అలవాటైంది గానీ, అది మీకు సలహాగా చెప్పను. మొదటి మూడు నెలలూ మౌస్ చాలు.

వయసు గురించి అడిగారు. వేళ్లు పరుగెత్తాల్సిన పని కాదిది, గళ్లు నింపే పని. పొలానికి నాట్లు వేయించినవాళ్లు, ముగ్గులు పెట్టేవాళ్లు, లెడ్జర్లు రాసేవాళ్లు నాకంటే తొందరగా నేర్చుకుంటారు. కష్టమల్లా ఆపడం. పదకొండు దాటితే మా ఇంట్లో ఫ్యూజు పీకేస్తారు.

పోయిన నెల పాత బస్టాండు వైపు వెళ్లాను. రికార్డింగ్ సెంటర్ ఇప్పుడు సెల్ ఫోన్ రిపేరు షాపు. భాయ్ గడ్డం నెరిసింది, గుర్తుపట్టాడు. బెల్టు కథ చెప్తే పడిపడి నవ్వి, "ఆ బెల్టు సాగిండేది నాకూ తెలుసప్పా, మార్చితే పాటలు చప్పబడినాయని ఇద్దరు ముగ్గురు వాపసు తెచ్చినారు. మళ్లా పాతదే ఎక్కిస్తి" అన్నాడు. నేను చేసిన ట్రాక్ ఫోన్లో పెట్టాను. 131లోనే ఉంది. కళ్లు మూసుకుని ఒక నిమిషం విన్నాడు.

"బాగుంది గానీ, రవ్వంత స్పీడు పెంచప్పా."