అట్టబొమ్మలు వంకర తిరగకుండా, చేతులు ఊడకుండా ఉండాలంటే

మీరు రాసినది రెండుసార్లు చదివాను. ఈ వేసవి సెలవుల్లో మీ 9 ఏళ్ల పాప, 6 ఏళ్ల బాబు కలిసి అట్టతో తోలుబొమ్మల్లాంటివి చేశారు. రెండు రోజులకే అవి వేయించిన అప్పడాల్లా వంకర తిరిగాయి. టేపుతో అతికించిన చేతులు ఊడిపోయాయి. అంత ఇష్టంగా వేసిన రంగులు తెర మీద ఉత్త నల్లగా కనబడ్డాయి. ముమ్మిడివరం దగ్గర పల్లెలో తగిన సామాను దొరకదు కాబట్టి ఆన్‌లైన్‌లో కిట్టు తెప్పించాలా అని అడిగారు.

తెప్పించకండి. కోనసీమ ఇంట్లో, పెరట్లో బొమ్మకు కావలసిన సరుకంతా ఉంటుంది. నేను ప్రాథమిక పాఠశాలలో 30 ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. అందులో ఎక్కువ కాలం గోదావరి పాయల మధ్య ఊళ్లలోనే గడిచింది. మీకు వచ్చిన మూడు చిక్కులూ నాకూ వచ్చాయి.

వాటి సంగతి చెప్పే ముందు ఒక్క మనవి. మొదటి బొమ్మగా రాముణ్ణీ హనుమంతుణ్ణీ చేయించకండి. కిరీటం, నగలు, కళ్లు, మీసాలు దిద్దేసరికే పిల్లల ఓపిక అయిపోతుంది. ఇక కదలిక గురించి ఆలోచించే తీరిక ఉండదు. ఒక సంక్రాంతికి మా అయిదో తరగతి పిల్లలు వారం రోజులు కూర్చుని రామాయణం బొమ్మలు 12 చేశారు. చూడముచ్చటగా ఉన్నాయి. మంచి అట్టలన్నీ అయిపోయాక వచ్చిన ఒక పిల్లవాడు చిరిగిన పెళ్లిపత్రికతో కొంగను చేశాడు. ఒంటికి ఒక ముక్క, మెడా ముక్కూ కలిపి ఇంకో ముక్క, మధ్యన దారం. అంతే. ప్రదర్శన రోజు రాముడూ రావణుడూ తెర మీదికి వచ్చి నిలబడ్డారు. వెనక నుంచి పిల్లలు మాటలు చెబుతున్నా, చూసేవాళ్లు కాసేపటికే అటూ ఇటూ కదలసాగారు. కొంగ వచ్చి మెడ వంచి, చేపను పొడిచి, మెడ పైకెత్తేసరికి గది మొత్తం నిశ్శబ్దం. ఆ తరువాత మళ్లీ కొంగ, మళ్లీ కొంగ అని ఒకటే గొడవ. ఆ రోజు నుంచి నేను ఎవరికి బొమ్మలు నేర్పినా కొంగతోనే మొదలుపెడుతున్నాను. మీరూ అలాగే చేయండి. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు చేలో దిగే కొంగలను మీ పిల్లలు రోజూ చూసే ఉంటారు. మెడ ఎక్కడ వంగుతుందో వాళ్లకు మనం చెప్పనక్కరలేదు.

ఒళ్లు జానెడు, మెడ జానెడు ఉంటే చాలు. పాత పెళ్లిపత్రికలు ఈ పనికి దివ్యంగా ఉంటాయి. దళసరిగా, నునుపుగా ఉంటాయి, ఎవరింట్లోనైనా కట్టలకొద్దీ పడి ఉంటాయి. కాళ్లుగా రెండు వెదురు పుల్లలు కట్టండి. వాటిని పట్టుకునే ఆడిస్తారు కాబట్టి వేరే పిడి అక్కరలేదు. మెడను ఆడించడానికి ఒక కొబ్బరి ఈనెను తల కింద దారంతో వదులుగా కట్టండి. గట్టిగా కడితే మెడతో పాటు పుల్ల తిరగదు, కాగితం చిరుగుతుంది.

ఇప్పుడు వంకర తిరగడం గురించి. మీరు అట్టకు ఒక వైపే రంగు కాగితం అంటించామని రాశారు. జబ్బు అక్కడే ఉంది. జిగురు తడికి కాగితపు పోగులు ఉబ్బుతాయి, ఆరేటప్పుడు ముడుచుకుంటాయి. ఒక వైపే అంటిస్తే ఆ ముడుచుకోవడం అట్టను తన వైపు లాగేసుకుంటుంది. కనబడకపోయినా సరే, వెనక వైపు కూడా అలాంటి కాగితమే అంటించండి. రెండు లాగుళ్లూ సరిపోయి అట్ట నిటారుగా ఉంటుంది. అంటించాక ఎండలో పెట్టవద్దు. పై వైపు ముందు ఆరిపోయి మళ్లీ అదే కథ మొదలవుతుంది. పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, పైన పీట వేసి, పీట మీద బియ్యం డబ్బా పెట్టండి. రెండు మూడు గంటలకోసారి పత్రికలు మార్చండి. మన వైపు గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఒక రాత్రి ఆరాక కూడా ఇంకో పూట అలాగే ఉంచితే మంచిది.

అట్ట ఎంచుకునేటప్పుడు ఇంకొకటి చూడండి. దాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచితే ఒక వైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకో వైపు మొరాయిస్తుంది. తేలిగ్గా వంగినప్పుడు మడత గీత ఏ దిక్కుగా ఉంటుందో, పోగులు ఆ దిక్కుగా ఉన్నట్టు. మెడ, చేయి లాంటి పొడుగు ముక్కల పొడవు ఆ దిక్కునే వచ్చేలా కత్తిరిస్తే అవి వేలాడిపోవు.

చేతులు ఊడటానికి టేపే కారణం. టేపు కీలు కాదు, అతుకు. కదిలే చోట అతుకు నిలవదు. దారంతో కట్టాలి. రెండు ముక్కలనూ వేలి వెడల్పు మేర ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచుకు కనీసం అర అంగుళం లోపల దబ్బనంతో రంధ్రం చేయండి. రంధ్రం చుట్టూ రూపాయి బిళ్లంత గుడ్డ ముక్క ముందే అంటించి ఉంచితే దారం కాగితాన్ని కోసేయదు. దారం లావుపాటి నూలుదైతే మేలు. వల అల్లే నైలాన్ దారం బలమైనదే కానీ నున్నగా ఉండి ముడి జారిపోతుంది. అసలు కిటుకు ముడి వేయడంలో ఉంది. రెండు ముక్కల మధ్య ఒక ఈనె ముక్క ఇరికించి, అప్పుడు ముడి బిగించండి. బిగించాక ఈనెను లాగేయండి. అది ఖాళీ చేసిన చోటు కీలుకు ఊపిరి. ఆ మాత్రం వదులు లేకపోతే చేయి ఎత్తిన చోటే ఉండిపోతుంది, దించినా కిందికి రాదు. ఏ పిల్లకైనా ఒకే ఒక్క మెలకువ నేర్పే వీలుంటే నేను ఇదే నేర్పుతాను.

ఇక రంగులు. తోలుబొమ్మకు వాడే మేకతోలును గీకి పలచన చేస్తారు కాబట్టి దాని గుండా వెలుగు దాటి రంగులు తెర మీద పూస్తాయి. అట్ట వెలుగును పూర్తిగా ఆపేస్తుంది. ఎంత రంగు పూసినా నీడ నలుపే. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, అట్టలో చీర అంచులా, రెక్కల గీతల్లా చిల్లులు కత్తిరించి వెనక గాలిపటాల కాగితం అంటించడం. రెండోది నాకు చాలా ఇష్టమైనది, మన సీమకు తగినది: కొబ్బరినూనె. దళసరి తెల్ల డ్రాయింగ్ షీటు మీద బొమ్మ గీసి, స్కెచ్ పెన్నులతో రంగులు నింపి, వెనక నుంచి దూదితో కొబ్బరినూనె రాయండి. కాగితం పోగుల మధ్య ఉన్న గాలి వల్ల వెలుగు చెదిరిపోతుంది. ఆ సందులను నూనె నింపేసరికి వెలుగు ఇవతలికి వస్తుంది. ఒక రాత్రి వార్తాపత్రికల మధ్య ఉంచి, అదనపు నూనె తుడిచేస్తే మీ పాప వేసిన ఎరుపు ఎరుపుగానే, పచ్చ పచ్చగానే తెర మీద కనబడుతుంది.

వరుస మాత్రం తప్పవద్దు. గీయడం, రంగు, కత్తిరింపు, గుడ్డ ముక్కలు, కీళ్లు, పుల్లలు అన్నీ అయ్యాక చివరన నూనె. నేను మొదటిసారి ముందుగానే నూనె రాసి, ఆ మీద గుడ్డ ముక్క ఒక్కటీ అంటుకోక ఒక తరగతి పిల్లల పనంతా పాడుచేశాను. వాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

నూనె కాగితం కాబట్టి దీపం జోలికి పోవద్దు. ఒకప్పుడు తోలుబొమ్మలాటకు ఆముదపు దీపాలు పెట్టేవారని విని పిల్లలు ప్రమిద అడుగుతారు. ఒప్పుకోకండి. ఫోను టార్చి చాలు, పైగా అదే మంచిది. వెలుగు ఒక చిన్న బిందువు నుంచి వస్తే నీడ అంచు పదునుగా ఉంటుంది. ట్యూబులైటు ముందు ఏ బొమ్మ పెట్టినా నీడ అలుక్కుపోతుంది. తలుపు ద్వారబంధానికి తాతగారి తెల్ల పంచె ముడతలు లేకుండా బిగించి కట్టండి. దాని కింది భాగానికి దుప్పటి కడితే పిల్లలు ఆ చాటున కూర్చుంటారు. ఫోనును వాళ్ల వెనక నాలుగైదు అడుగుల దూరంలో, వాళ్ల తలలకంటే ఎత్తులో పెట్టండి. బొమ్మను పంచెకు ఆనించే ఆడించాలి.

మీ బాబుకు ఈ పుల్లల వ్యవహారం కాస్త కష్టం కావచ్చు. రెండు చేతులతో రెండు పుల్లలు వేరువేరుగా ఆడించడం 6 ఏళ్లకు అందరికీ పట్టుబడదు. అతనికి చేతికి తొడుక్కునే బొమ్మ చేసి పెట్టండి. వార్తాపత్రికను కత్తిరించకుండా చేత్తో చింపండి. చింపిన అంచుకు పోగులు బయటికి వచ్చి బాగా కలుస్తాయి. రాత్రంతా నానబెట్టి, పిండి, మెత్తగా చిదిమి మైదా జిగురు కలపండి. చూపుడువేలు దూరేంత అట్ట గొట్టం చుట్టి, దాని తలన కాగితపు ఉండ పెట్టి, ఆ మీద ఈ గుజ్జుతో తల చేయండి. గుజ్జు చిటికెన వేలి మందం దాటితే లోపల ఆరదు. వేసవిలో మూడు నాలుగు రోజులకు ఆరుతుంది. వానల్లో వారం దాటినా పచ్చిగానే ఉండి బూజు పడుతుంది కాబట్టి ఈ పని ముసురు పట్టకముందే ముగించండి. తొడుగు గుడ్డను మీ చేతికి కాదు, అతని చేతికి కొలవండి. చూపుడువేలు తలలో, బొటనవేలు ఒక చేతిలో, నడిమివేలు ఇంకో చేతిలో ఉండేలా పరిచి, గీత గీసి, చుట్టూ రెండు వేళ్ల వెడల్పు అదనంగా వదిలి కుట్టండి. బిగుతైన తొడుగులో బొమ్మ నమస్కారం కూడా పెట్టలేదు.

మైదా జిగురుకు ఒక చెంచా మైదాకు అయిదారు చెంచాల చన్నీళ్లు కలిపి, ఉండలు లేకుండా చేసి, సన్నసెగ మీద చిక్కబడేదాకా కలియబెట్టాలి. రెండు రోజులకు మించి నిలవదు. పుస్తకాలు బైండు చేసేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు చేతులు పెట్టే జిగురులో వద్దే వద్దు. ఓపిక ఉంటే చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికించండి. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు ముక్కలు అతకడానికి వాడే మక్కులో ఉండేది చింతగింజల పొడి, రంపపు పొట్టే.

తాటిపండు తిన్నాక మిగిలే టెంకలను కూడా పారేయకండి. కడిగి ఆరబెట్టి పీచు దువ్వితే అది నెరిసిన గడ్డం. మేము వాటికి పుల్ల గుచ్చి మునులను చేసేవాళ్లం. బరువు ఎక్కువ, చిన్న చేతులు త్వరగా అలిసిపోతాయి కానీ, ఆ గడ్డం మరి దేనితోనూ రాదు. మీసాలకు కొబ్బరి పీచు ఎలాగూ ఉంది.

వీలైనప్పుడు మీ పాపకు అసలు తోలుబొమ్మలాట చూపించండి. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తరతరాలుగా ఈ ఆట ఆడే కుటుంబాలు ఉన్నాయి. రాయలసీమలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కూడా ఇందుకు పేరున్న ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ప్రదర్శన ఎక్కడ చూసినా కాసేపు తెర వెనక్కి వెళ్లి చూడనివ్వమని అడగండి. నిలువెత్తు బొమ్మను చీల్చిన బద్ద మధ్యన ఎలా బిగించారో, చేతులకు వేరే పుల్లలు ఎలా కట్టారో, పాడుతూనే కాళ్ల కింది చెక్కలను ఎలా మోగిస్తున్నారో చూస్తే, నేను ఇంత రాసినా చెప్పలేనిది ఆ పాపకు ఒక్క చూపులో తెలుస్తుంది.

బొమ్మలను చుట్టి దాచకండి. పాత పత్రికల మధ్య బల్లపరుపుగా పెట్టి పరుపు కింద ఉంచండి. నూనె రాసినవి వేరుగా.

మొదటి ఆటకు కొంగ, పీత కథ ఎంచుకోండి. ముసలి కొంగ చేపలను వేరే చెరువుకు చేరుస్తానని నమ్మించి తినేయడం, చివరికి పీత దాని మెడ పట్టుకోవడం మీ పిల్లలకు తెలిసే ఉంటుంది. కొంగకు ఒక కీలు, పీతకు రెండు డెక్కల దగ్గర రెండు, చేపలకు అసలు కీళ్లే వద్దు, ఈనె కట్టి ఊపితే చాలు. కొంగను పాపకు, చేపలనూ పీతనూ బాబుకు ఇవ్వండి. పీత డెక్క మెడకు తగలగానే పాప కొంగను తెర నుంచి మెల్లగా వెనక్కి, ఫోను వెలుగు వైపు జరపాలి. నీడ గోడంత పెరిగి, అంచులు మసకబారి, పంచె దాటి పోతుంది. పీత ఒక్కటే చిన్నగా, స్పష్టంగా తెర మీద మిగులుతుంది.