టెక్ సందేహాలు: ఎన్ని వాట్లు కావాలో స్పీకర్‌నే అడగండి

ఈసారి ప్రశ్నలన్నీ సరిహద్దు అవతలి మన తెలుగువాళ్ల దగ్గర నుంచే తీసుకున్నాను. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల వాళ్లు అడిగింది దాదాపు ఒకటే: మంచి స్పీకర్లు ఇంట్లోకొచ్చాయి, వాటికి ఏ ఆంప్లిఫయర్ పెట్టాలి? ఇలాంటివి విని చూసి కొనాలంటే అక్కడివాళ్లు విశాఖపట్నమో భువనేశ్వరో వెళ్లాల్సిందే. కొన్నాక నచ్చలేదని వెనక్కి మోసుకెళ్లడం ఇంకా కష్టం. అందుకే మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పొడుగ్గా ఇస్తున్నాను. అందులోని లెక్క ఎవరి గదికైనా పనికొస్తుంది.

*మా అబ్బాయి సింగపూర్ నుంచి వస్తూ కెఫ్ ఎల్‌ఎస్50 మెటా స్పీకర్లు తెచ్చాడు. నా దగ్గర ఎప్పటి నుంచో ఉన్న 20 వాట్ల ఆంప్‌కి కలిపాను. తక్కువ వాల్యూమ్‌లో చాలా బాగుంది. కచేరీ పెట్టి కాస్త పెంచితే మాత్రం మృదంగం దెబ్బ పడిన చోటల్లా గాత్రం కూడా పగిలినట్టు వినిపిస్తోంది. తెలిసిన షాపతను 200 వాట్ల ఆంప్ తీసుకోమంటున్నాడు. అంత అవసరమా? గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. స్పీకర్లకు 8 అడుగుల దూరంలో కూర్చుంటాను. — రిటైర్డ్ లెక్చరర్, పర్లాకిమిడి*

మాస్టారూ, 200 అక్కర్లేదు. అలాగని 20 కూడా చాలదు. ఎందుకో లెక్క వేద్దాం.

మీ స్పీకర్ సెన్సిటివిటీ 85 డెసిబెల్స్ అని కంపెనీ చెబుతోంది. అంటే 2.83 వోల్టులు ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం వస్తుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి (ఓమ్ అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డుకు కొలత) 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాట్. మీరు కూర్చునేది సుమారు రెండున్నర మీటర్ల దూరంలో. ఆరుబయట అయితే అంత దూరానికి 8 డెసిబెల్స్ పోతాయి. గదిలో గోడలు కొంత వెనక్కి ఇస్తాయి, రెండో స్పీకర్ కొంత కలుపుతుంది. కాబట్టి పోయేది 4 అనుకుందాం. ఒక్కో స్పీకర్‌కి ఒక్కో వాట్ ఇస్తే మీ చెవి దగ్గర 81 డెసిబెల్స్ ఉంటుంది. మామూలుగా వినడానికి ఇదే ఎక్కువ. ఆలాపన వింటున్నంతసేపూ మీ ఆంప్ ఇస్తున్నది ఒక వాట్ కూడా ఉండదు.

చిక్కంతా మృదంగం దెబ్బ దగ్గరే. బాగా రికార్డు చేసిన కచేరీలో సగటు శబ్దం కంటే ఆ దెబ్బలు 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి లేస్తాయి. సగటు 76 దగ్గర వింటుంటే దెబ్బ 95 దాకా వెళ్తుంది. 81 నుంచి 95కి వెళ్లాలంటే 14 డెసిబెల్స్ కావాలి. 10 డెసిబెల్స్‌కి పది రెట్ల పవర్, మిగతా 4కి మరో రెండున్నర రెట్లు. మొత్తం 25 వాట్లు. మీ ఆంప్ ఆగిపోయేది 20 దగ్గర! ఇంకో 3 డెసిబెల్స్ పెంచితే 50 వాట్లు కావాలి. అవి ఒక్క క్షణానికే కావాలి, కానీ ఆ క్షణానికి అందకపోతే ఆంప్ తరంగం నెత్తిని అడ్డంగా కోసేస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అదే సమయంలో వస్తున్న గాత్రం కూడా ఆ కోతలో పడుతుంది. మీకు పగిలినట్టు వినిపిస్తున్నది అదే. పైగా ఆ కోతలో పుట్టే అదనపు హై ఫ్రీక్వెన్సీలన్నీ ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) మీద పడతాయి. చిన్న ఆంప్‌ని చివరిదాకా తిప్పి ట్వీటర్ కాల్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పగిలే శబ్దం వస్తున్న వాల్యూమ్‌లో వినడం ఈ రోజే ఆపేయండి.

రెండో సంగతి ఓమ్‌లు. డబ్బా మీద 8 ఓమ్‌లు అని ఉన్నా, మీ స్పీకర్ కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 3.5 ఓమ్‌లకు దిగుతుంది. కెఫ్ ఈ మాట స్పెసిఫికేషన్‌లోనే రాస్తుంది, అది మెచ్చుకోవాల్సిన నిజాయితీ. మీ 20 వాట్ల ఆంప్ చివరికంటా వెళ్లినప్పుడు బయటికొచ్చేది 12.6 వోల్టులు. అది 8 ఓమ్‌లకు 1.6 ఆంపియర్లు పంపితే సరిపోతుంది. 3.5 ఓమ్‌ల దగ్గర 3.6 ఆంపియర్లు పంపాలి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్‌కి ఇక్కడే ఊపిరి ఆగుతుంది. అందుకే కొనేటప్పుడు 8 ఓమ్‌ల వాట్లు చూసి ఊరుకోకండి, 4 ఓమ్‌లకు ఎంత ఇస్తుందని అడగండి. 8కి 60, 4కి 100 ఇచ్చేది మీకు చక్కగా సరిపోతుంది. 8కి 100 రాసి 4 ఓమ్‌ల ఊసే ఎత్తని దానికంటే నేను దానికే ఓటేస్తాను. ఈ స్పీకర్లకు 40 నుంచి 100 వాట్లు పెట్టమని కెఫ్ కూడా చెబుతోంది. 100 నుంచి 200కి వెళ్తే మీకు అదనంగా వచ్చేది 3 డెసిబెల్సే. ఆ డబ్బు ఉంచుకోండి.

నా లెక్క మీద నమ్మకం కుదరకపోతే మీరే కొలుచుకోవచ్చు, ఇంట్లో మల్టీమీటర్ ఉంటే చాలు. మీరు ఎప్పుడూ వినే అతి పెద్ద వాల్యూమ్‌కి నాబ్ తిప్పి, అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆంప్ ఆపి స్పీకర్ వైర్లు ఊడదీయండి. మైనస్ 12 డెసిబెల్స్ స్థాయిలో (అంటే పూర్తి వోల్టేజీలో నాలుగో వంతు) 60 హెర్ట్జ్ టోన్ ఫైల్ ఒకటి ప్లే చేసి, నాబ్ అదే గుర్తు దగ్గర ఉంచి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టులు చూడండి. వచ్చిన అంకెను 4తో గుణించి, దాని వర్గాన్ని 8తో భాగించండి. మీటర్ 3 వోల్టులు చూపిస్తే, 12 వోల్టులు, 144ని 8తో భాగిస్తే 18 వాట్లు. అంటే మీ ఆంప్ అంచు మీద నడుస్తున్నట్టే. ఈ పరీక్ష ట్రాన్సిస్టర్ ఆంప్‌లకు మాత్రమే. పాతకాలం గాజు వాల్వులతో నడిచే వాల్వ్ ఆంప్‌ని స్పీకర్ లేకుండా ఎప్పుడూ నడపకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

ఇంకొక్క మాట. కొత్త ఆంప్ వచ్చాక బేస్‌లో ఏదో ఒక స్వరం దగ్గర గది హోరుమంటే ఆంప్‌ని తిట్టుకోకండి. 12 అడుగుల గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్, 10 అడుగుల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. స్పీకర్లను గోడ నుంచి అడుగున్నర ముందుకు జరిపి, మీ కుర్చీ వెనక గోడకు ఆనకుండా చూసుకోండి. టైల్స్ నేల, స్లాబు కప్పు, బోసి గోడలు ఉన్న గదిలో దళసరి జంపఖానా ఒకటి పరిస్తే గాత్రం ఇంకా తేటగా వినిపిస్తుంది.

*ఒకే ధరలో రెండు దొరుకుతున్నాయి. ఒకటి చానల్‌కి 130 వాట్ల ఏవీ రిసీవర్, రెండోది 60 వాట్ల స్టీరియో ఆంప్. నేను పాటలే వింటాను, సినిమాలు తక్కువ. 130 మంచిది కాదా? — రాయగడ నుంచి ఒక పాఠకుడు*

స్టీరియో ఆంప్ తీసుకోండి. రిసీవర్ బ్రోషర్‌లో 130 కింద చిన్న అక్షరాలు ఉంటాయి, అవి చదవండి. చాలాసార్లు అక్కడ కనిపించేది ఇది: 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, ఒక్క చానల్ మాత్రమే నడుపుతూ, 10 శాతం డిస్టార్షన్. అంటే శబ్దం పూర్తిగా చెడిపోయాక కొలిచిన అంకె. సినిమా సరౌండ్ సౌండ్ కోసం చేసిన రిసీవర్‌లో ఒకే పవర్ సప్లయిని ఏడు చానళ్లు పంచుకోవాలి కూడా. స్టీరియో ఆంప్‌కి 60 వాట్లు అని రాసినప్పుడు 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు చానళ్లూ కలిసి నడుస్తూ, 1 శాతం కంటే తక్కువ డిస్టార్షన్‌తో అని ఉంటే ఆ అంకె గట్టిది. ఇలాంటి మాయ అంకెలు పెరిగిపోవడం వల్లే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఇంటి ఆంప్‌ల వాట్లు ఎలా కొలిచి చెప్పాలో నిబంధన పెట్టింది. మన దగ్గర పీఎంపీవో పేరుతో వేల వాట్లు రాసిన డబ్బాలు ఊరూరా అమ్ముడుపోయాయి. ఆ పీఎంపీవో అంకెకు అర్థమే లేదు, దాన్ని ఎక్కడ చూసినా వదిలేయండి.

విశాఖ వెళ్లి విని కొనేటట్టయితే మీకు కంఠతా వచ్చిన నాలుగు పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. షోరూమ్ వాళ్లు పెట్టే పాటకు ఏ ఆంప్ అయినా బాగానే మోగుతుంది.

*హాల్లో ఒక జత, వెనక గదిలో ఒక జత స్పీకర్లు పెట్టాం. ఆంప్ మీద ఏ, బీ రెండు బటన్లూ నొక్కితే అరగంటకు ఆగిపోతోంది. వెనక ఉన్న ఇంపీడెన్స్ (ఓమ్‌ల) స్విచ్ మార్చమంటారా? — గుణుపురం నుంచి ఒక పాఠకురాలు*

అమ్మా, ముందు స్పీకర్ల వెనక ఎన్ని ఓమ్‌లని రాసుందో చూడండి. చాలా ఆంప్‌లలో రెండూ నొక్కితే రెండు జతలూ సమాంతరంగా కలుస్తాయి. 8, 8 అయితే 4 అవుతుంది, పర్వాలేదు. 6, 6 అయితే 3. 4, 4 అయితే 2, అంత భారం ఇంటి ఆంప్‌లు మోయలేవు. మీది ఆగిపోతోందంటే తనను తాను కాపాడుకుంటోందన్నమాట. పదేపదే అలా జరగనివ్వకండి. ఆ స్విచ్‌ని తక్కువ ఓమ్‌ల వైపు వేస్తే చాలా ఆంప్‌లలో లోపలి వోల్టేజీ తగ్గి వేడి తగ్గుతుంది, దాంతో పాటు పవరూ తగ్గుతుంది. కాబట్టి అది మందు కాదు. ఒకసారికి ఒక జతే వాడండి. ఆంప్ పైన పుస్తకాలు, గుడ్డ లాంటివి ఉంటే తీసేసి నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి. రెండు గదుల్లోనూ ఒకేసారి కావాలంటే వెనక గదికి ఒక చిన్న క్లాస్ డీ ఆంప్ విడిగా పెట్టుకోవడం మేలు.

వైరు గురించి కూడా అడిగారు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 స్క్వేర్ ఎంఎం మంచి రాగి వైరు చాలు. 5 మీటర్లకు రానూపోనూ కలిపి దాని నిరోధం 0.08 ఓమ్ కూడా ఉండదు. ఖరీదైన స్పీకర్ వైర్ల జోలికి వెళ్లకండి.

*మా మావయ్య గారు ఇచ్చిన 300బి వాల్వ్ ఆంప్ ఉంది, 8 వాట్లు. నా నిలువు స్పీకర్లు 87 డెసిబెల్స్. పాత పాటలు ప్రాణం పోసుకున్నట్టున్నాయి కానీ కొత్త సినిమా పాటలు పెడితే ముద్దగా ఉంటోంది. ఆంప్ మార్చాలా, స్పీకర్లు మార్చాలా? ఇల్లు గోపాల్‌పూర్ దగ్గర. — బరంపురం నుంచి ఒక పాఠకుడు*

ఆంప్‌ని వదులుకోకండి. సింగిల్ ఎండెడ్ 300బి ఇచ్చే గాత్రం కోసమే చాలామంది జీవితాంతం వెతుకుతారు. మార్చాల్సింది స్పీకర్లు.

పై లెక్కే వేయండి: 87లోంచి 4 తీసేసి, 8 వాట్లకు 9 కలిపితే 92 డెసిబెల్స్. మీకు దొరికే శిఖరం అంతే. గొంతు, వీణ, తబలాకు చాలు, సినిమా పాటలోని డ్రమ్స్‌కి చాలదు. అదే ఆంప్‌కి 95 డెసిబెల్స్ స్పీకర్లు పెడితే శిఖరం 100 అవుతుంది. పాతకాలం స్పీకర్లన్నీ ఇలా ఉండటానికి కారణం అప్పటి ఆంప్‌లే. 1946లో పాల్ క్లిప్ష్ తయారుచేసిన క్లిప్ష్‌హార్న్ గది మూలలో నిలబడి కొద్ది వాట్లతోనే హాలంతా నింపుతుంది. కంపెనీ చెప్పే సెన్సిటివిటీ 105 డెసిబెల్స్. తర్వాత 1954లో ఎడ్గర్ విల్చర్ ఏఆర్-1తో చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ తీసి చూపించాడు. దానికి మూల్యం సెన్సిటివిటీ రూపంలో చెల్లించాల్సి వచ్చింది. ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకయ్యాక ఆ మూల్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మీ ఇంట్లో మొదటి కాలపు ఆంప్, రెండో కాలపు స్పీకర్ కలిశాయి.

కొత్తవి చూసేటప్పుడు సెన్సిటివిటీతో పాటు ఓమ్‌ల గీత (ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఎన్ని ఓమ్‌లో చూపే గ్రాఫ్) ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చూడండి. వాల్వ్ ఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ. స్పీకర్ ఓమ్‌లు పెరిగిన చోట శబ్దం లేస్తుంది, తగ్గిన చోట కుంగుతుంది. గీత నున్నగా, 6 ఓమ్‌లకు కిందికి దిగకుండా ఉన్న స్పీకర్ మీకు సరైన జోడీ. కొత్తవి వచ్చేలోగా ఇప్పటి స్పీకర్లను ఆంప్ వెనక 8 నుంచి తీసి 4 ఓమ్‌ల టెర్మినల్‌కి కలిపి ఒకసారి వినండి. ఖర్చు లేని పని, ముద్దదనం కొంత విడిపోవచ్చు.

సముద్రం పక్కనున్న గోపాల్‌పూర్ అన్నారు కాబట్టి ఇంకొకటి. సెకండ్‌హ్యాండ్‌లో పాత హార్న్ స్పీకర్లు దొరికితే కోన్ చుట్టూ ఉన్న అంచు ఫోమ్‌దా, రబ్బరుదా, గుడ్డదా అని వేలితో మెల్లగా నొక్కి చూడండి. ఫోమ్ అయితే ఉప్పగాలికీ తేమకీ కొన్నేళ్లకే పొడిపొడిగా రాలుతుంది. గుడ్డ అంచు దశాబ్దాలు ఉంటుంది. వైరు చివర్లు పచ్చబడితే అంతమేర కత్తిరించి కొత్తగా ఒలిచి బిగించండి.

*అమెరికా నుంచి మా అన్నయ్య ఆంప్ పంపుతానంటున్నాడు. ఇక్కడ ప్లగ్ మార్చి పెట్టుకుంటే చాలా? — జయపురం నుంచి ఒక పాఠకుడు*

ప్లగ్ మారిస్తే చాలదు, కాలిపోతుంది. పంపకముందే వెనక స్టిక్కర్ ఫొటో పెట్టమని మీ అన్నయ్యకు చెప్పండి. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే, మన 230ని 120కి దించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. స్టిక్కర్ మీది వాట్లకు కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. 50/60 హెర్ట్జ్ అని ఉంటే సరే. 60 అని ఒక్కటే ఉంటే ఆంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద వేడెక్కి గుయ్యిమనొచ్చు, అలాంటిది వద్దనే చెప్పండి. ఇన్వర్టర్ మీద నడపాలంటే ప్యూర్ సైన్ వేవ్‌దే కావాలి. వేసవి సాయంత్రాల్లో ఉరుములు మొదలయ్యాయంటే స్విచ్ కట్టేసి ఊరుకోకండి, ప్లగ్‌నే గోడలోంచి పీకేయండి.