చోటు మార్చిన విక్టోరియా కాలం ఫార్మ్‌హౌస్‌కు పాత రూపు: ముందు ఎత్తు సరిచేయండి

అడిగింది ఇదీ: అమెరికాలోని అయోవాలో 1890ల నాటి చెక్క ఇంటిని ట్రక్కు మీద తెచ్చి కొత్త కాంక్రీటు పునాది మీద దించారు. తలుపులు పట్టేస్తున్నాయి, గోడలు బీటలిచ్చాయి, బయటి గోడలంతా అల్యూమినియం రేకు తొడుగు (సైడింగ్). పాత రూపు రావాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

తలుపుల జోలికి ఇప్పుడే పోకండి. ఇల్లు కొత్త పునాది మీద సర్దుకోవాలి, చెక్క ఒక చలికాలపు హీటింగ్‌కు ఆరాలి. ఇప్పుడే చిత్రిక పడితే వసంతానికల్లా సందులు పడతాయి.

మొదట చూడాల్సింది పునాది ఎత్తు. నేల పైకి మూడు నాలుగడుగుల కాంక్రీటు కనిపిస్తుంటే, లోపల ఎంత ఖర్చు పెట్టినా ఇల్లు స్టూలెక్కినట్టే ఉంటుంది. చుట్టూ మట్టి పోయించండి. మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాల వాలు బయటికి ఉండాలి, సైడింగ్ అడుగుకూ మట్టికీ మధ్య కనీసం 6 అంగుళాలు వదలాలి. ఇందులో ఇంకో లాభం ఉంది. పోర్చ్ నేల మట్టి నుంచి 30 అంగుళాలు దాటకపోతే చాలాచోట్ల బిల్డింగ్ కోడ్ (కట్టడ నిబంధనలు) 36 అంగుళాల రెయిలింగ్ అడగదు, పాత పద్ధతిలో పొట్టిది పెట్టుకోవచ్చు. మీ కౌంటీ ఇన్‌స్పెక్టర్‌ను ముందే కనుక్కోండి. పోర్చ్ పలకలు ఇంటి గోడకు సమాంతరంగా కాక బయటి వైపుకు సాగాలి, అడుగుకు పావంగుళం వాలుతో. బిగించే ముందే ఒక్కో పలకకు ఆరు వైపులా ప్రైమర్ వేయాలి. కోసిన కొసలు వదిలేస్తే కుళ్లు అక్కడే మొదలవుతుంది.

అల్యూమినియం ఊడదీస్తే కింద అసలు క్లాప్‌బోర్డ్ (ఒకదానిమీదొకటి ఎక్కేలా కొట్టిన చెక్క పలకలు) దొరికే అవకాశం ఎక్కువ. రేకు చదునుగా కూర్చోవడానికి కిటికీల మీది చూరుబద్దలు, బ్రాకెట్లు నరికేసి ఉంటారు. వాటి ఆకారం మాత్రం రంగు పొరల అంచుల్లో నీడలా మిగులుతుంది. గీకే ముందే దాన్ని కాగితం మీద దించుకోండి, క్యాటలాగ్ అలంకారాలకన్నా అదే నమ్మదగ్గ కొలత. పాత రంగులో సీసం ఉందనే అనుకోండి: పొడిగా సాండింగ్ వద్దు, తడిపి గీకి హెపా (సన్న ధూళినీ పట్టే ఫిల్టరున్న) వ్యాక్యూమ్ పెట్టండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

ప్లాస్టర్ మొత్తం పీకి షీట్‌రాక్ (జిప్సం పలకలు) కొట్టమని కాంట్రాక్టర్లంటారు. వినకండి. ప్రయాణంలో ఊగినప్పుడు, చెక్క బద్దల వెనక పట్టుకున్న ప్లాస్టర్ కొక్కేలు విరుగుతాయి, అంతే. అరచేత్తో నొక్కితే కదిలే చోట బద్ద తగిలేదాకా పావంగుళం రంధ్రాలు వేసి, దుమ్ము లాగేసి, ప్లాస్టర్ జిగురు ఎక్కించి, ప్లాస్టిక్ వాషర్లతో 24 గంటలు బిగించి ఉంచాలి.

కిటికీలు మార్చొద్దు, బాగుచేయండి. వీటికి పైకీ కిందికీ జరిగే రెండు రెక్కలుంటాయి. లోపలి బద్దను రంగు గీతమీద కత్తితో కోసి ఊడదీస్తే కింది రెక్క బయటికొస్తుంది. పాత లప్పం తీశాక గాడిలోని రంగులేని చెక్కకు ఆయిల్ ప్రైమర్ పూసి, తర్వాతే అవిసె నూనె లప్పం పెట్టండి. పొడి చెక్క లప్పంలోని నూనె పీల్చేస్తుంది, ఏడాదికే నెర్రెలిస్తుంది. పైన పొర కట్టడానికి వారం పదిరోజులు ఆగి, రంగును గాజు మీదికి 1/16 అంగుళం ఎక్కించండి. నీళ్లు దిగకుండా ఆపేది ఆ సన్నని గీతే.

ఇక తాళ్లతో రెక్కల బరువును తూచి నిలిపే, గోడలో వేలాడే ఇనుప గుండ్లు. తాళ్లు తెగి గూట్లో అడుగున పడి ఉంటాయి. పావంగుళం నూలు తాడు తెచ్చుకోండి, నైలాన్ సాగుతుంది. రెక్కను గాజుతో సహా తూచండి. రెండు గుండ్లూ కలిపి కింది రెక్కకన్నా అర పౌండు తక్కువ, పై రెక్కకైతే అర పౌండు ఎక్కువ ఉండాలి. అప్పుడే కిందిది కిందికి దిగి, పైది పైకి ఆనుకుని నిలుస్తాయి. గాజు మార్చిన రెక్కను పాత లెక్కతో కట్టేయకండి, మళ్లీ తూచండి.