పదకొండు వేల ఇంకు ఖర్చుకు రెండు లక్షల అప్పా?

ప్రశ్న: కడపలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర చిన్న జిరాక్సు, ఆన్‌లైన్ అంగడి నడుపుతున్నాను. రెండు కలర్ ప్రింటర్లున్నాయి. మూడేళ్లుగా వేరే కంపెనీ ఇంకు కార్ట్రిడ్జిలే వాడుతున్నాను, ఒక్కోటి 650 రూపాయలు. జూన్‌లో అడ్మిషన్ల రద్దీలో రెండు ప్రింటర్లూ వాటంతటవే అప్‌డేట్ అయి ఈ కార్ట్రిడ్జిలు చెల్లవన్నాయి. కొని పెట్టుకున్న తొమ్మిదీ దండగయ్యాయి. ఒక్కోటి 1,400 చొప్పున ఎనిమిది ఒరిజినల్స్ కొన్నాను. అందుకోసం డైలీ ఫైనాన్స్‌లో 50,000 తీసుకుంటే చేతికి 45,000 వచ్చింది. రోజుకు 500 చొప్పున వంద రోజులు కట్టాలి, 32 రోజులైంది. పిల్లల స్కూలు ఫీజు 14,000 కూడా అందులోంచే కట్టాను. అంగడి బాడుగ, కరెంటు, ఒరిజినల్ ఇంకు పోను నెలకు 24,000 మిగులుతోంది. ఇంటి ఖర్చు 16,000, చీటీ 3,000, ఎల్‌ఐసీ 1,500. బ్యాంకులో 7,000 ఉంది. ఇంట్లో మూడు తులాల బంగారం ఉంది. తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు ఇస్తానంటున్నాడు. 1,60,000 పెట్టి సెకండ్ హ్యాండ్ కలర్ కాపియర్ కొని, మిగతా దాంతో ఫైనాన్స్ తీర్చేద్దామనుకుంటున్నాను. కాపియర్ వాళ్లు 5,000 అడ్వాన్స్ అడుగుతున్నారు. మీరేమంటారు?

జవాబు: వద్దంటాను. కారణం కాపియర్ మంచిదా కాదా అన్నది కాదు.

మీ ఉత్తరంలో అసలు కష్టం ఒక్కటే, 11,200 రూపాయల ఇంకు. దానికి మీరు తెచ్చింది 50,000. ఇప్పుడు తేబోతున్నది రెండు లక్షలు. చిన్న అంగళ్లు నడిపేవాళ్ల దగ్గర నుంచి వచ్చే ఉత్తరాల్లో ఈ వరస మళ్లీ మళ్లీ కనబడుతుంది కాబట్టే మీకు వివరంగా రాస్తున్నాను. గుంత ఎంత ఉందో చూడకుండా ఇచ్చేవాడు ఎంత ఇస్తే అంత తెచ్చుకోవడం, మిగిలిన డబ్బు చేతిలో ఉంది కదా అని ఇంకో ఖర్చుకు వాడేయడం. స్కూలు ఫీజు ప్రతి జూన్‌లోనూ వస్తుంది. అది ఆపద కాదు, క్యాలెండర్‌లో ఉన్న ఖర్చు.

ముందు ఆ 7,000 సంగతి. 45,000లో ఇంకుకు 11,200, ఫీజుకు 14,000 పోతే 19,800 మిగిలింది. 32 రోజుల్లో కట్టిన కంతులు 16,000. అంటే ఆ కంతుల్లో మీ గల్లాపెట్టె నుంచి వచ్చింది మూడు వేల చిల్లరే, మిగతాదంతా అప్పు తెచ్చిన డబ్బుతోనే అప్పు కట్టారు. బ్యాంకులో ఉన్న 7,000 పొదుపు కాదు, అప్పులో అడుగున మిగిలినది. నెలకు మీకు మిగిలేది 3,500, కంతులకు కావలసింది 15,000. ఈ లెక్కన ఆ ఏడు వేలు పద్దెనిమిది రోజులు వస్తాయి. ఆ తర్వాత కంతు ఆగుతుంది. ఫైనాన్స్ వాళ్లు అంగడి ముందు బండి ఆపుతారు. అప్పుడు మీరు ఆ మూడు రూపాయల వడ్డీ ఆయన దగ్గరికే పరుగెడతారు.

చేతికి 45,000 తీసుకుని వంద రోజుల్లో 50,000 కట్టడమంటే వడ్డీ పది శాతమే కదా అనుకుంటారు. అసలు రోజూ తగ్గిపోతోంది కాబట్టి ఏడాది లెక్కకు అది దాదాపు 77 శాతం. దాన్ని తీర్చడానికి 36 శాతం అప్పు తేవడం తెలివే అనిపించవచ్చు. కానీ మీరు తీర్చాల్సింది 34,000, తెస్తున్నది రెండు లక్షలు. నెలకు 6,000 వడ్డీకే పోతుంది, అసలు అక్కడే ఉంటుంది. కలర్ పేజీకి నాలుగు రూపాయలు మిగిలినా, ఇప్పుడొస్తున్న గిరాకీ మీద ఇంకో 1,500 పేజీలు వడ్డీ కోసమే తీయాలి. జూన్, జూలైలో ఈఏపీసెట్ కౌన్సెలింగ్ పుణ్యమా అని తీస్తారు సరే, నవంబరులో? పైగా పాత కాపియర్‌కు డ్రమ్ము, డెవలపర్, ఫ్యూజర్ అనే లోపలి భాగాల్లో ఏది పోయినా వేలల్లో ఖర్చు. కాపియర్‌లో ఇంకు బదులు వాడే పొడి, టోనర్. చాలా మోడళ్లలో దాని డబ్బాకూ మీ కార్ట్రిడ్జికి ఉన్నట్టే చిప్ ఉంటుంది. వేరే కంపెనీ ఇంకు చెల్లనివ్వని ఏ తాళం నుంచి మీరు తప్పించుకోవాలనుకుంటున్నారో అదే అక్కడా ఉండొచ్చు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

ఇప్పుడు చేయాల్సింది. ఫైనాన్స్ వాళ్లను రేపే అడగండి, మిగిలింది ఒకేసారి కట్టేస్తే ఎంత తగ్గిస్తారని. తగ్గిస్తే రాయించుకుని కట్టేయండి. పైసా కూడా తగ్గించం అని వాళ్లంటే ఒకేసారి కట్టడంలో లాభం లేదు, రోజు కంతులే కట్టుకుంటూ పోండి. 34,000లో 7,000 చేతిలో ఉంది, 68 రోజుల్లో అంగడి మిగులు 7,900 వస్తుంది, తక్కువ పడేది 19,000. కాబట్టి రోజు కంతులకైతే బ్యాంకులో 20,000 గోల్డ్ లోన్ చాలు, తగ్గించి ఒకేసారి కట్టమంటే 27,000 లోపు కావాలి. మూడు తులాలూ పెట్టక్కర్లేదు, ఒక ఉంగరమో కమ్మల జతో సరిపోతుంది. పది శాతం వడ్డీ అనుకుంటే నెలకు 170 రూపాయల లోపు. ప్రాసెసింగ్, అప్రైజర్ చార్జీలు ముందే అడగండి. కేఎఫ్‌ఎస్ పేరుతో అప్పు ముఖ్య వివరాల కాగితం ఒకటి ఇస్తారు, అందులో ఏపీఆర్ అన్న అంకె, అంటే చార్జీలు కూడా కలిపిన ఏడాది వడ్డీ, చూడకుండా సంతకం పెట్టకండి. మొబైల్ యాప్ అప్పుల జోలికి మాత్రం పోకండి.

ఇక ప్రింటర్లు. ఈ తాళం కొత్తది కాదు. 2016 సెప్టెంబరు 13న హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు చాలా దేశాల్లో ఒకే రోజు వేరే కంపెనీ కార్ట్రిడ్జిలను తోసిపుచ్చాయి. ఆ నెలాఖరుకు కంపెనీ ముందుగా సరిగా చెప్పనందుకు క్షమాపణ చెప్పి, కావాలన్నవాళ్లకు ఆ అడ్డు తీసే అప్‌డేట్ ఇస్తానంది. కానీ డైనమిక్ సెక్యూరిటీ అన్న పేరుతో ఆ పద్ధతి కొనసాగింది. 2020 డిసెంబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఇలాంటి పనులకే కోటి యూరోల జరిమానా వేసింది. ప్రింటర్ చవగ్గా అమ్మి ఇంకులో లాభం తీసుకునే వ్యాపారమిది. కార్ట్రిడ్జి మీది చిప్‌ను ప్రింటర్ అడుగుతుంది, కొత్త ఫర్మ్‌వేర్, అంటే ప్రింటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, వచ్చినప్పుడు ఆ అడిగే ప్రశ్న మారుతుంది, పాత నకలు చిప్ జవాబు చెప్పలేక నిలబడిపోతుంది. కాబట్టి వేరే కంపెనీ కార్ట్రిడ్జి వాడేవాళ్లకు ఇది ఏదో ఒక రోజు వచ్చే ఖర్చే. మూడేళ్లపాటు ఒక్కో కార్ట్రిడ్జికి 750 మిగుల్చుకున్నారు కదా, అందులో వంద పక్కన పెట్టినా ఈ ఉత్తరం రాసే అవసరం వచ్చేది కాదు.

అప్‌డేట్ ఎక్కిన ప్రింటర్‌ను వెనక్కి తిప్పడం చాలా మోడళ్లలో కుదరదు, పాత ఫర్మ్‌వేర్‌ను అది తీసుకోదు. అన్‌లాక్ చేస్తామని వెయ్యి, రెండు వేలు అడిగేవాళ్లకు ఇవ్వకండి. ఆ తొమ్మిది కార్ట్రిడ్జిలు అమ్మిన దుకాణానికి బిల్లుతో వెళ్లి కొత్త చిప్ ఉన్నవి మార్చమనండి. తయారీదారు చిప్ మార్చి ఉంటే దుకాణం వాళ్లు కొన్నయినా మార్చివ్వొచ్చు. ఇకమీదట ఒక్క సెట్టుకు మించి నిల్వ పెట్టకండి.

ఇప్పుడు వాడుతున్న ఎనిమిది ఒరిజినల్స్ ఖాళీ అయ్యాక పారేయొద్దు, మీకు ఎక్కువ పనికొచ్చేది అవే. ఈ తాళం చూసేది చిప్‌ను, లోపలి ఇంకును కాదు. ఒరిజినల్ చిప్ ఉన్న కార్ట్రిడ్జిని మళ్లీ నింపి వాడుకోవచ్చని హెచ్‌పీయే చెబుతుంది. ఖాళీ అని చూపించినా ఓకే నొక్కితే చాలా మోడళ్లు ప్రింట్ ఇస్తాయి. పూర్తిగా ఎండకముందే నింపించండి, అంచుదాకా నింపనివ్వకండి, కారుతుంది. పిగ్మెంట్ (సన్నని రంగు పొడి కలిపిన) ఇంకు ఉన్నదాంట్లో డై (కరిగిన రంగు) ఇంకు పోస్తే నాజిల్, అంటే ఇంకు చిమ్మే రంధ్రం, మూసుకుపోతుంది, అది అడిగి పోయించండి. ఇంకు చిమ్మే హెడ్ కార్ట్రిడ్జిలోనే ఉన్న రకమైతే మూడు నాలుగు సార్లకు మించి ఆశించకండి. మన కడప ఎండలకు ఏప్రిల్, మేలో వారానికి ఒక్క కలర్ పేజీ అయినా తీయకపోతే ఇంకు లోపలే గడ్డకడుతుంది. నింపుకుంటే ఒరిజినల్స్ మొదలయ్యాక పోతున్న డబ్బులో నెలకు దాదాపు 3,000 వెనక్కి వస్తుంది.

ప్రింటర్ సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్ ఆపేయండి. చిన్న స్క్రీన్ మీద దొరక్కపోతే ప్రింటర్ ఐపీ అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొడితే లోపలి పేజీ తెరుచుకుంటుంది, అక్కడ ఉంటుంది. కంప్యూటర్‌లోని ప్రింటర్ సాఫ్ట్‌వేర్ కూడా అడుగుతుంటుంది, దాన్నీ ఆపండి. కార్ట్రిడ్జి ప్రొటెక్షన్ అన్నది ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి, లేకపోతే ఒక ప్రింటర్‌లో పెట్టిన కార్ట్రిడ్జి రెండోదాంట్లో చెల్లదు. ఇకమీదట ఏది కొన్నా, ఎప్పుడూ నెట్‌లో ఉండాలి, ఒరిజినల్ ఇంకే వాడాలి అన్న షరతుకు ఒప్పుకోమని అడిగే పథకాల్లో చేరకండి, హెచ్‌పీ ప్లస్ అలాంటిదే. సీసాతో పోసుకునే ఇంక్ ట్యాంక్ ప్రింటర్లు మీలాంటి అంగడికి సరిపోతాయి, 15,000 లోపు దొరుకుతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, వాటిలో వృథా ఇంకును పీల్చుకునే వేస్ట్ ఇంక్ ప్యాడ్ నిండితే మిషన్ ఆగిపోతుంది. ఆ ప్యాడ్ మనమే మార్చుకునే మోడల్ చూసుకోండి. కానీ అది ఇప్పుడు కాదు. ఉన్న అప్పు తీరకుండా ఇంకో అప్పు చేసి అసలే కాదు.

ఎందుకంటే మీకు కావలసింది మిషన్ కంటే ముందు అత్యవసర నిధి. ఫైనాన్స్ కంతులు అయిపోయిన మర్నాటి నుంచి మీకు నెలకు 3,500, రీఫిల్లు వల్ల ఇంకో 3,000, మొత్తం 6,500 వస్తుంది. అందులో వచ్చే జూన్ ఫీజుకు 1,400 పోగా మిగిలే 5,100ను వేరే బ్యాంకులో, యూపీఐకి కలపని ఖాతాలో వేయండి. మొదటి గమ్యం 15,000. దాదాపు మూడు నెలల్లో చేరతారు. గోల్డ్ లోన్‌కు పది శాతం కడుతూ పొదుపు ఖాతాలో అంతకంటే చాలా తక్కువ వడ్డీకి డబ్బు పెట్టడమేంటని మీకు ఎవరైనా చెబుతారు. లెక్క ప్రకారం వాళ్లది నిజమే. అయినా వినకండి. చేతిలో 15,000 లేకుండా బంగారం విడిపిస్తే, తర్వాత ఒక మదర్‌బోర్డు కాలగానే మళ్లీ 77 శాతం అప్పుకే పోతారు. ముందు పదిహేను వేలు, తర్వాత దాదాపు నాలుగు నెలల్లో గోల్డ్ లోన్ తీర్చడం, అటుపైన నిధి పెంచడం. ఇంటికి 16,000, చీటీ, ఎల్‌ఐసీకి 4,500, అంగడి బాడుగ, కరెంటుకు తొమ్మిది వేలనుకుంటే నెలకు 29,500. మూడు నెలలకు దాదాపు 90,000. అది చేరేదాకా మిషన్ మాట ఎత్తొద్దు. ఒక్క మినహాయింపు, నిధిలో 30,000 దాటాక ఒక పాత ప్రింటర్ చెడితే దాని బదులు ఇంక్ ట్యాంక్ కొనుక్కోవచ్చు. వచ్చే జూన్ ఫీజుకు మాత్రం వేరుగా నెలకు ఆ 1,400 బ్యాంకు ఆర్డీ కట్టండి, నిధిని ముట్టుకోకండి.

మిగతావి క్లుప్తంగా. చీటీ పాడుకోవద్దు, ఇప్పుడు పాడితే తగ్గింపు ఎక్కువ పోతుంది. ముద్ర శిశు రుణం 50,000 దాకా హామీ లేకుండా ఇస్తారు, నిధి చేరాక మిషన్ కోసం అడగొచ్చు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితంగా చేసుకుని పెట్టుకోండి.  ప్రింటర్ విషయంలో 1915కు ఫిర్యాదు చేయొచ్చు. అంగడికి కొన్నదైనా సొంతంగా పొట్టపోసుకోవడానికే అయితే 2019 చట్టం కింద మీరు వినియోగదారే, జిల్లా కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు. బిల్లు, తెరమీద వచ్చిన సందేశం ఫొటో దాచండి.

ఆ 5,000 అడ్వాన్స్ ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే రసీదు పట్టుకుని ఈ వారంలోనే వెళ్లి వెనక్కి అడగండి. అది మొత్తం వస్తే పది రోజుల కంతులు గడుస్తాయి.