డ్రామాలు చూసి నేర్చిన కొరియన్‌తో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి హిందూపురంలో బీకాం మొదటి సంవత్సరం చదువుతోంది. కొరియన్ డ్రామాలు చూస్తూ ఆ లిపి చదవడం తనంతట తానే నేర్చుకుంది. ఇప్పుడు డిగ్రీ మానేసి కొరియన్ భాషే చదువుతానంటోంది. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి దుబాసీ ఉద్యోగం దొరుకుతుందని దాని నమ్మకం. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఎవరూ చెప్పకుండానే ఒక లిపిని పట్టుకున్న పిల్లను డ్రామాల పిచ్చి అని కొట్టిపారేయకండి. ఆ ఆసక్తి నిజమైనది. దాన్ని నిలబెట్టాలి. డిగ్రీ మాత్రం మాన్పించవద్దు. ఈ విషయంలో నేను వాళ్ల నాన్నగారి పక్షమే.

2019లో కియా ఉత్పత్తి మొదలుపెట్టాక ఆ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. వాటిలో కొరియన్ తెలిసినవాళ్ల అవసరం ఉంది. అయితే మామూలు వాక్యాల అనువాదం ఇప్పుడు ఫోనే చేసి పెడుతోంది. రెండు ముక్కలు మాట్లాడగలిగినంత మాత్రాన జీతం రాదు. ఇన్‌వాయిసు, జీఎస్టీ, కొనుగోళ్ల లెక్కలు తెలిసి, వాటి గురించి కొరియన్ అధికారితో నేరుగా మాట్లాడగల మనిషికే విలువ. బీకాం ఆమెకు అడ్డు కాదు, అదే ఆమె బలం.

భాష ఎంత వచ్చిందో చూపడానికి టోపిక్ అనే పరీక్ష ఉంది. అందులో మొత్తం ఆరు స్థాయిలు. మొదటి భాగం 200 మార్కులకు. అందులో 80 వస్తే ఒకటో స్థాయి, 140 వస్తే రెండో స్థాయి. రెండో భాగం 300 మార్కులకు. మూడో స్థాయికి 120, నాలుగుకు 150 కావాలి. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి తొందరపడి ముందే రాయడం దండగ. డిగ్రీ పూర్తయ్యే నాటికి నాలుగో స్థాయి అందుకోవాలన్నది నా సలహా. డ్రామాలు చూసి నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా తడబడేది రెండో భాగంలోని రచన దగ్గరే. అక్కడ 600 నుంచి 700 అక్షరాల వ్యాసం రాయాలి.

అందుకే రోజువారీ జీవితాన్నే తరగతి గదిగా మార్చుకోమంటాను. రాత్రి పడుకునే ముందు ఆ రోజు తిన్నదీ, కొన్నదీ, బస్సులో చూసిందీ మూడు వాక్యాల్లో కొరియన్‌లో రాయమనండి. తెలుగు పిల్లలకు ఇది అనుకున్నంత కష్టం కాదు. కర్త, కర్మ, క్రియ వరుస మనదే. విభక్తులు మనకు లాగే పదం వెనక అంటుకుంటాయి. మర్యాద క్రియ చివరలో తెలిసిపోతుంది. ఉచ్చారణే కాస్త ఇబ్బంది పెడుతుంది, అది విని విని సరిచేసుకోవాల్సిందే.

చిక్కుముడి సంఖ్యల దగ్గర ఉంటుంది. వాళ్లకు రెండు వరసల అంకెలున్నాయి. సమయం మూడున్నర అయిందని చెప్పాలంటే ‘సే షి సామ్‌షిప్ బున్’ అంటారు. గంటలకు దేశీయ సంఖ్య, నిమిషాలకు చైనా నుంచి వచ్చిన సంఖ్య. వస్తువులు లెక్కపెట్టడానికి మొదటిది, డబ్బుకూ తేదీలకూ రెండోది. ఇది పుస్తకంలో బట్టీపడితే నిలవదు. గడియారం చూసిన ప్రతిసారీ, కూరగాయల బిల్లు చేతికొచ్చిన ప్రతిసారీ పైకి చెప్పుకుంటే కొన్ని వారాల్లో నోటికి వచ్చేస్తుంది.

సియోల్ మెట్రో ప్రకటనల రికార్డింగులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అవి వినమనండి. ‘ఈ స్టేషన్ ఫలానా, దిగే తలుపులు కుడివైపు’ అని ఒకే వాక్యం, స్టేషన్ పేరు మారుతూ వస్తుంది. ఆ ‘దిగే’ అన్న మాటలోనే ప్రయాణికుడి పట్ల గౌరవం చూపే ప్రత్యయం ఉంటుంది. డ్రామాల్లో స్నేహితులూ ప్రేమికులూ మాట్లాడుకునే చనువు భాష ఎక్కువ. దాన్ని ఆఫీసులో పైఅధికారి ముందు వాడితే పని చెడుతుంది. అక్కడ పేరు పెట్టి పిలవరు, హోదాకు ‘నిమ్’ చేర్చి ‘బుజాంగ్‌నిమ్’ అంటారు, మనం మేనేజర్ గారూ అన్నట్టు. కొత్తవాళ్లు పరిచయమైన కాసేపటికే వయసు తెలుసుకోవాలని చూస్తారు. ఏ స్థాయిలో మాట్లాడాలో వయసును బట్టి తేలుతుంది కాబట్టి అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. పెద్దవాళ్లు ఇచ్చింది రెండు చేతులతో అందుకోవడం, భోజనంలో వాళ్లు చెంచా ఎత్తేదాకా ఆగడం కూడా భాషలో భాగమే.

సంస్కృతి తెలియకపోతే మాట అర్థం కాదనడానికి ఒక ఉదాహరణ. పుట్టినరోజున కొరియావాళ్లు ‘మియొక్‌గుక్’ అనే సముద్రపు నాచు సూప్ తాగుతారు. జారుడుగా ఉంటుందని పరీక్ష రోజున మాత్రం దాని జోలికి పోరు. అందుకే ఎవరైనా ఆ సూప్ తాగానంటే పరీక్ష తప్పానని కూడా అర్థం. ఇలాంటివి నేర్పడంలో డ్రామాలు మంచి గురువులే. రెండు నిమిషాల సన్నివేశాన్ని ఉపశీర్షికలు లేకుండా విని, విన్నది రాసి, తర్వాత సరిచూసుకునే పద్ధతి పెట్టుకోమనండి. గంటల తరబడి చూడటం కన్నా అది మేలు.

ఖర్చు గురించి భయపడవద్దు. కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు అందిస్తోంది. ఎదురుగా కూర్చుని నేర్చుకోవాలంటే చెన్నైలో ఇన్‌కో సెంటర్ ఉంది. కొన్ని నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అని చెప్పే కోచింగ్ కేంద్రాలకు మాత్రం ముందే డబ్బు కట్టకండి. బీకాం అయ్యాక కూడా ఆసక్తి ఇలాగే ఉంటే కొరియా ప్రభుత్వం ఇచ్చే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్‌కు పీజీ కోసం దరఖాస్తు చేయవచ్చు. మామూలుగా అందులో చదువుకు ముందు ఒక ఏడాది భాషా శిక్షణ కూడా ఉంటుంది. వాళ్ల నాన్నగారికి ఈ లెక్కంతా అమ్మాయి చేతే చెప్పించండి. మొదటి సంవత్సరం మార్కుల మెమో కూడా పక్కనే పెట్టమనండి.